నునుపు కోసం ఒక పడవ

కెనడాలోనో అమెరికాలోనో ఇంటి గ్యారేజీలో సెడార్ బద్దలు అంటించి కనూ అనే తెడ్డు పడవ కట్టుకుంటున్న పెద్దమనిషిని "ఇదంతా ఎందుకండీ?" అని అడిగితే, "సరస్సులో తిరగడానికి" అంటాడు. అబద్ధమాడుతున్నాడని అనను. తన మాట తనే నమ్ముతున్నాడు పాపం. మనం మాత్రం నమ్మనక్కర్లేదు. సరస్సులో తిరగాలన్న కోరిక ఒక్కటే ఉన్నవాడు శనివారం పొద్దున్నే వెళ్ళి ఓ పడవ కొనుక్కుంటాడు, మధ్యాహ్నానికి నీళ్ళలో ఉంటాడు. ఈయన రెండు మూడు వందల గంటలు గ్యారేజీలో గడిపి, కారును వానలో నిలబెట్టి, ఇంటిల్లిపాదికీ రంపపు పొట్టు తినిపించి అప్పుడు వెళతాడు, వెళితే. నేననేదేమిటంటే, బద్దల కనూ అన్నది మనిషి హాయిగా రుద్దుకుంటూ కూర్చోవడానికి కల్పించుకున్న పదహారడుగుల నెపం. నిందగా అనడం లేదు. రుజువులున్నాయి.

మొదట్లో కథ ఇలా లేదు. ఆంటారియోలోని పీటర్‌బరోలో 19వ శతాబ్దంలోనే సెడార్ బద్దల కనూలు కట్టేవారు గానీ అది కార్ఖానాల్లో పనివాళ్ళు చేసిన పని. చెక్కకు లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ గుడ్డ వేసి రెజిన్‌తో తడిపే ఇప్పటి పద్ధతి 20వ శతాబ్దం మధ్యలో మిన్నెసోటా పందెగాళ్ళ చేతుల్లో రూపు కట్టింది. పడవ తేలిగ్గా ఉండాలి, పక్కవాడి కంటే ముందు పోవాలి, అంతే వాళ్ళ గొడవ. 1983లో టెడ్ మూర్స్ 'కనూక్రాఫ్ట్' అనే పుస్తకం రాశాక ఈ విద్య ఉలి పట్టడం రానివాళ్ళకు కూడా అందింది. పద్ధతి సులువు. గొడవంతా అక్కడే వచ్చింది. కష్టమైన పనైతే మనిషి ఎక్కడో ఒకచోట చేతులెత్తేస్తాడు. ఇందులో ప్రతి మెట్టూ 'ఇదేం పెద్ద పని' అన్నట్టే ఉంటుంది, అందుకే ఎవరూ ఆగరు.

పొడవాటి బల్ల మీద అడుగుకొకటి చొప్పున ప్లైవుడ్ అచ్చులు నిలబెడతారు. పడవ బోర్లా తయారవుతుంది. బద్ద మందం 6 మిల్లీమీటర్లు, వెడల్పు 19. ఒక అంచు గుండ్రంగా, రెండోది గాడిగా ఉంటుంది కాబట్టి ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. మధ్యలో జిగురు, అచ్చు దగ్గర ఒక స్టేపుల్ పిన్ను. రోజుకు అటు నాలుగు, ఇటు నాలుగు. ఆఖరి బద్ద పడ్డ రోజు పండగే. పడవలు కట్టేవాళ్ళలో చివరి పలక పడ్డప్పుడు విస్కీ పుచ్చుకునే ఆనవాయితీ ఒకటుంది, దానికి 'విస్కీ పలక' అనే పేరు. నా మొదటి రుజువు ఆ గ్లాసులోనే ఉంది. అప్పటికి అయిన పని సగం కూడా కాదు. సగం పనికే పండగ చేసుకునేవాడు ఎవడు? అసలు పని ఇప్పుడు మొదలవుతుందని తెలిసినవాడు.

అసలు పని అంటే రుద్దడం. ముందు పిన్నులన్నీ పీకాలి. జిగురు బొట్లు గీకాలి. చిన్న చిత్రికతో బద్దల అంచుల మిట్టలు తీయాలి. తర్వాత 60 నంబరు గరుకు కాగితం, తర్వాత 80, తర్వాత 120. కంటికి ఆనని మిట్ట అరచేతికి ఆనుతుంది కాబట్టి కళ్ళు మూసుకుని ఆ చెక్కను ముక్కు నుంచి తోక దాకా నిమురుతారు. ఆ సమయంలో ఇంటి ఇల్లాలు గ్యారేజీ తలుపు తీయకపోవడం మంచిది. తడి స్పాంజితో ఒళ్ళంతా తుడిస్తే సెడార్ రంగులు పైకి తేలతాయి. వాటితోపాటు, గీకేశామనుకున్న జిగురు మరకలూ తేలతాయి. అవి ఇప్పుడు పోకపోతే రెజిన్ కింద పడవ ఉన్నన్నాళ్ళూ పదిలంగా ఉంటాయి. లోపలి వైపు మరీ నరకం. అక్కడంతా గుంటగా ఉంటుంది, చిత్రిక నడవదు. అంచు గుండ్రంగా అరగదీసిన ఉక్కు రేకుతో గీకుతూ పోవాలి. రెండు కొసల్లో చెయ్యి కూడా పట్టదు. ఇక ఎపాక్సీ. రెజిన్, హార్డెనర్ కలిపి లోతు డబ్బాలో వదిలేస్తే తనంతట తనే వేడెక్కి పొగలు కక్కుతుంది, అందుకే వెడల్పు పళ్ళెంలో పోసుకుంటారు. పొద్దుటిపూట పూస్తే ఎండకు చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలుగా పైకొస్తుంది. సాయంత్రం చల్లబడుతున్న చెక్క అదే రెజిన్‌ను లోపలికి పీల్చుకుంటుంది. ముహూర్తాల మీద నమ్మకం లేనివాడు కూడా దీనికి సాయంకాలపు లగ్నమే పెట్టుకుంటాడు. తెల్లటి గుడ్డ రెజిన్‌కు తడిసి కళ్ళముందే మాయమై, కింద ఎర్రటి చెక్క వెలిగే ఆ పది నిమిషాలు మాత్రం నిజంగా చూడదగ్గవి. ఈ విషయంలో నాకు వెటకారం లేదు. అది ఆరాక మళ్ళీ రుద్దుడు. ఎండ ఎపాక్సీని పాడుచేస్తుంది కాబట్టి పైన వార్నిష్. దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లి, ఊపిరి బిగబట్టి పూత వేస్తే, ఒక దోమ వచ్చి సరిగ్గా నడిమధ్యన ఆరు కాళ్ళూ ఆనించి కూర్చుంటుంది. మళ్ళీ రుద్దుడు.

రెండో రుజువు ఆ పిన్నులే. పిన్ను పీకితే మిగిలేది సూదిబెజ్జం. రెజిన్ దాన్ని నింపేస్తుంది, చుక్క నీరు దిగదు. అయినా ఆ చుక్కల వరస కంటికి కనిపిస్తుందని పిన్ను ముట్టని శాఖ ఒకటి పుట్టింది. వాళ్ళు క్లాంపులతో, రబ్బరు తాళ్ళతో బద్దలను బిగించి, జిగురు ఆరేదాకా కాచుకుని, ఆ తర్వాతే ఇంకో బద్ద ఎక్కిస్తారు. పడవకు ఒరిగేదేమీ లేదు, నెలలు మాత్రం పెరుగుతాయి. ఒకే పలక నుంచి కోసిన బద్దలకు నంబర్లు వేసి, కుడివైపు రంగు ఎడమవైపు రంగుకు అద్దంలో చూసినట్టు జత కుదిర్చేవాళ్ళూ ఉన్నారు. పడవ రెండు పక్కలనూ ఒకేసారి చూడగలిగేది ఆకాశంలో గద్ద ఒక్కటే.

చెక్క పడవ తేలిక కదా, గట్టిది కదా అంటారు. తేలికే. పదహారడుగుల బద్దల కనూ సుమారు 25 కిలోలుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు విమానాల కంపెనీ గ్రమ్మన్ మొదలుపెట్టిన అల్యూమినియం కనూ ఇంతకన్నా బరువు. కానీ తేలికే కావాలంటే కెవ్లార్ కనూలు ఇంకా తేలిక. గట్టిదనం సంగతి చూద్దాం. బరువు మోసేవి లోపలా బయటా ఉన్న రెండు గాజు పొరలు. చెక్క ముఖ్యంగా చేసే పని ఆ రెంటినీ ఎడంగా పట్టుకోవడం. కార్ఖానాల్లో ఆ పని నురుగు పలక చేత కూడా చేయిస్తారు. నురుగును ఎవరూ నిమరరు. చెక్క అక్కడున్నది కంటి కోసం, చేతి కోసం.

నునుపుగా ఉంటే పడవ వేగంగా పోతుంది, కాబట్టి రుద్దడం శాస్త్రమే అంటారు మరికొందరు. పందెగాడి నోటివెంట వస్తే ఒప్పుకుంటాను. ఆదివారం పూట పకోడీల పొట్లంతో తెడ్డు వేసేవాడికి 120 నంబరుకూ 220 నంబరుకూ మధ్య తేడా ఏ చేప చెబుతుంది? పైగా లోపలి వైపును కూడా అంతే రుద్దుతారు. అక్కడికి నీళ్ళు వచ్చాయంటే సమస్య నునుపుది కాదు. నీళ్ళ మీద బతికిన పడవలు ఎలా ఉండేవో మన తీరాన్ని అడిగినా చెబుతుంది. కోరమాండల్ తీరంలో మసూలా పడవల పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకు లేదు, అల కొడితే విరక్కుండా వంగేవి. మద్రాసుకు రేవు లేని రోజుల్లో ఓడల నుంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చింది అవే. కొల్లేట్లో తాటిమొద్దును తొలిచి దోనె చేసుకున్నవాడు వలలు వేసుకోవడానికి వెళ్ళాడు గానీ దానికి వార్నిష్ వేయలేదు. బద్దల కనూ యజమాని ఒడ్డు దగ్గర గులకరాయి చప్పుడు వింటే చాలు, మోకాళ్ళ లోతులో దిగి పడవను చేతుల మీద ఎత్తుకుంటాడు. కొత్త సోఫా మీది ప్లాస్టిక్ కవరు పదేళ్ళకు కూడా తీయని ఇంటాయన మనకు తెలిసినవాడేగా!

అందరిలోకీ గట్టి అభ్యంతరం మనస్తత్వ శాస్త్రవేత్తలది. సొంతంగా చేసుకున్న వస్తువంటే మమకారం, అంతకు మించి ఇందులో రహస్యం లేదంటారు. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ ప్రచురించిన పరిశోధనలో, కాగితపు బొమ్మలు మడవడం కొత్తగా నేర్చినవాళ్ళు తమ వంకర బొమ్మలకు దాదాపు నిపుణుల బొమ్మలకిచ్చినంత వెల కట్టారు. ఇతరులు కూడా అలాగే కడతారనుకున్నారు. బాగానే ఉంది. కానీ పని పూర్తికాకపోతే ఆ మమకారం నిలవదని కూడా వాళ్ళే తేల్చారు. ఆ లెక్కన మన పెద్దమనిషి గబగబా పూర్తిచేసి ముచ్చటపడాలి. ఆయన చేస్తున్నది అందుకు నేరుగా విరుద్ధం. ఇంకో పూత, ఇంకో రుద్దుడు, ముక్కు దగ్గర ఇంకొంచెం. పూర్తికావడమే ఆయనకు ఇష్టం లేదు. అయిపోతే రేపు సాయంత్రం ఏం చేయాలి?

గ్యారేజీకి లోటు లేని అమెరికా తెలుగువాళ్ళలో ఎవరికైనా ఈ పురుగు కుడితే వద్దనను. రుద్దుకోవడం చెడ్డ అలవాటేమీ కాదు, పేకాట కంటే చవక. నీళ్ళ మీద తిరగడానికి మాత్రం పాత అల్యూమినియం పడవ ఒకటి విడిగా కొనుక్కోండి, రాళ్ళకు కొట్టుకున్నా గుండె ఆగదు. వెస్టర్న్ రెడ్ సెడార్ పొట్టులోని ప్లికాటిక్ ఆమ్లం కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది, ముక్కుకు మంచి మాస్కు లేకుండా కాగితం పట్టకండి. ఎపాక్సీ చర్మానికి పడక ఒకసారి ఎలర్జీ మొదలైతే వదలదు, చేతి తొడుగులు తప్పవు. గ్యారేజీ చాలక బేస్‌మెంట్‌లో కడదామనుకుంటే, మొదటి అచ్చు నిలబెట్టకముందే టేపు తీసి మెట్ల మలుపు కొలవండి. పదహారడుగుల పడవ మలుపు తిరగదు.