గేమర్ వాక్య చతుష్టయం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కథను నడిపించడమే ప్రధానోద్దేశంగా, గెలుపోటములు దానికి అంగాలుగా నిర్మితమైన వీడియో గేమ్‌లను కథాప్రధాన క్రీడలనవచ్చు. క్రికెట్, కార్ల పందెం వంటి ఆటలలో స్కోరు ఫలం కాగా, వీటిలో కథాంతాన్ని చేరడమే ఫలం. ఈ క్రీడలలో చిరకాలం పరిశ్రమించిన ఒకానొక గేమర్, కొత్తగా కంట్రోలర్ చేపట్టిన మిత్రునికి ఉపదేశించిన నాలుగు వాక్యాలు అల్పాక్షరాలైనా అనల్పార్థాలు కావడం చేతా, వాటిలో మూడవది నాలుగవదానితో పొసగక జిజ్ఞాసువులను కలవరపెట్టడం చేతా ఈ వ్యాఖ్య అవసరమైనది. మూలంలో లేనిది రాయనన్న నియమాన్ని మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాల విషయంలో పాటించగా, ఇక్కడ దానిని యథాశక్తి అనుసరించడమైనది.

మూలం

“ఒరేయ్, కథ కోసం ఆడేటప్పుడు ఫైట్లు ఈజీలో పెట్టేసుకో. కట్‌సీన్ స్కిప్ చేస్తే మహాపాపం. మన చాయిస్‌లన్నీ ఉత్తుత్తివే, ఎండింగ్ వాడు ముందే రాసిపెట్టుకున్నాడు. అయినా సరే, సేవ్ అయ్యాక వెనక్కి వెళ్లకు.”

ప్రతిపదార్థం

ఒరేయ్ = ఓ ప్రియమిత్రమా; కథ కోసం = ఇతివృత్తాన్ని ఆస్వాదించడమే ప్రయోజనంగా; ఆడేటప్పుడు = కంట్రోలర్ ధరించి తెర ముందు ఆసీనుడవైన వేళ; ఫైట్లు = అడుగడుగునా ఎదురై కథాగమనాన్ని నిలిపివేసే పోరాటాలను; ఈజీలో = క్లిష్టతను నిర్ణయించే మెనూలోని అతిసులభ స్థాయియందు; పెట్టేసుకో = పరువు గురించిన శంక విడిచి నిలుపుకొనుము; కట్‌సీన్ = ఆటగాని చేతినుండి పగ్గాలు తీసుకొని తెర తనంత తాను ప్రదర్శించే దృశ్యమును; స్కిప్ చేస్తే = బటన్ నొక్కి దాటవేసినచో; మహాపాపం = ప్రాయశ్చిత్తం లేని దోషము; చాయిస్‌లన్నీ = ఇతడిని చంపుటయా, విడుచుటయా అని ఆట మనను అడిగే ప్రశ్నలన్నియు; ఉత్తుత్తివే = ఫలశూన్యములే; ఎండింగ్ = కథాంతమును; వాడు = నిర్మాత; ముందే = మనము డబ్బు చెల్లించుటకు పూర్వమే; రాసిపెట్టుకున్నాడు = లిఖించి భద్రపరచినాడు; అయినా సరే = అట్లయినను; సేవ్ అయ్యాక = జరిగిన కథ యంత్రస్మృతిలో ముద్రపడిన పిమ్మట; వెనక్కి వెళ్లకు = పాత సేవ్‌ను తెరచి జరిగినదానిని మార్చబూనకుము.

తాత్పర్యం

మిత్రమా, పోరాటంలో నేర్పు చూపడం నీ లక్ష్యం కానప్పుడు దానికై శ్రమపడకుము, చూపిన దృశ్యాన్ని పూర్తిగా చూడుము, నీ నిర్ణయాలతో కథ మారుతుందని భ్రమపడకుము, అయినను నిర్ణయించినదానికి కట్టుబడి ఉండుమని భావం.

విశేషాలు

ఉపదేశం ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అని మూడు విధాలని ఆలంకారికులు చెప్పారు. రాజాజ్ఞలా శాసించేది మొదటిది, స్నేహితునిలా నచ్చజెప్పేది రెండవది, ప్రియురాలిలా మురిపించి ఒప్పించేది మూడవది. ఆట ఆరంభంలో ఈ బటన్ నొక్కు, ఆ గోడ ఎక్కు అని శాసించే ట్యుటోరియల్ మొదటి జాతికి చెందగా, ‘ఒరేయ్’ అన్న ఒక్క సంబోధనతోనే ప్రస్తుత ఉపదేశం మిత్రసమ్మితమని తేలిపోతున్నది.

ప్రథమ వాక్యంపై పూర్వపక్షం, అనగా ప్రతివాది ఆక్షేపణ, ఇట్లున్నది: కష్టపడని విజయానికి రుచి ఉండదు కనుక ఈజీ స్థాయి పిరికివారికే తగును. దీనికి సమాధానం నిర్మాతలే ఇచ్చి ఉన్నారు. 2015లో వచ్చిన ‘ది విచర్ 3’ తన అతిసులభ స్థాయికి ‘కథ మాత్రమే’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టింది. 2012 నాటి ‘మాస్ ఎఫెక్ట్ 3’ కూడా కథాసక్తులకు ప్రత్యేక స్థాయిని కేటాయించింది. అయితే 2018 నాటి ‘సెలెస్ట్’లో మనోవ్యాకులతతో సతమతమయ్యే ఒక యువతి పర్వతం ఎక్కుతుంది, అక్కడ పదే పదే జారిపడటమే కథ గనుక కష్టాన్ని తొలగిస్తే కథలో కొంత తొలగుతుంది. అయినను ఆ నిర్మాతలు సైతం వేగాన్ని తగ్గించుకొనే, మరణమే లేకుండా చేసుకొనే సహాయక పద్ధతిని చేర్చారు. కాబట్టి ఈ వాక్యం విధి కాదనీ, కష్టమే కథ కాని చోట చెల్లే అనుమతి మాత్రమేననీ గ్రహించవలెను.

ద్వితీయ వాక్యానికి పాఠాంతరం ఉన్నది. కొందరు మిత్రులు దీనిని ‘కట్‌సీన్ స్కిప్ చేస్తే ఫ్రెండ్‌షిప్ కట్’ అని చదువుతారు. ఈ పాఠంలో శబ్దాలంకారం రమణీయమే అయినా, పాపానికి ఫలం ఇహలోకానికే పరిమితమవుతున్నది గనుక గ్రహించిన పాఠమే గంభీరతరం. ఇక చూస్తూ కూర్చోవడమే అయితే సినిమాకే పోవచ్చు గదా అన్న ఆక్షేపణ బలమైనదే. 2008 నాటి ‘మెటల్ గేర్ సాలిడ్ 4’ ముగింపు దృశ్యాలు గంటకు పైగా నడుస్తాయి. ఆ సమయంలో కంట్రోలర్ ఒడిలో నిద్రించును. దీనికి భిన్నంగా 1998 నాటి ‘హాఫ్-లైఫ్’ దృశ్యాన్ని కథానాయకుని కన్నులనుండి మరల్చకుండానే కథ చెప్పింది. కనుక కట్‌సీన్ ఈ కళకు ప్రాణం కాదు, అంగం మాత్రమే.

అంగానికి అంగితో వైరం వచ్చినప్పుడు పుట్టే దోషమొకటి ఉన్నది. కట్‌సీన్‌లో ఒక్క మిత్రుని మరణానికి విలపించే నాయకుడు, అది ముగిసిన మరుక్షణం వందలమందిని నిర్వికారంగా కాల్చివేస్తాడు. కథ చెప్పేదానికీ ఆట చేయించేదానికీ గల ఈ విరోధానికి, ‘బయోషాక్’ను విమర్శిస్తూ 2007లో క్లింట్ హాకింగ్ అనే గేమ్ రూపకర్త లూడోనెరేటివ్ డిసొనెన్స్ అని పేరు పెట్టాడు. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యమే ఇక్కడ లోపించినదని మన పరిభాషలో చెప్పవచ్చు. దోషాన్ని దాచడానికి బదులు 2016 నాటి ‘అన్‌చార్టెడ్ 4’ వేయిమంది శత్రువులను ఓడించిన ఆటగానికి లూడోనెరేటివ్ డిసొనెన్స్ అన్న పేరుతోనే ఒక ట్రోఫీ బహూకరించింది. దోషమే బిరుదైన సందర్భం అలంకారశాస్త్రంలో అరుదు.

తృతీయ వాక్యంలోని ‘వాడు’ అన్న సర్వనామం నుదుట రాసిన బ్రహ్మను సూచిస్తున్నదని చెప్పేవారున్నారు. సేవ్ ఫైల్ లేని లోకాలకు ఆ అర్థం చెల్లవచ్చు గాని, ప్రకరణాన్ని బట్టి నిర్మాతే గ్రాహ్యుడు. నిర్మాత ముందే రాసిపెట్టుకోవడానికి కారణం వంచన కాదు, గణితం. రెండేసి దారులున్న నిర్ణయాలు పది ఎదురై, ఏ దారీ మరొకదానిలో కలవకపోతే, 1,024 ముగింపులు రాయవలసి వస్తుంది. అన్నింటికీ నటులను, చిత్రకారులను సమకూర్చడం అసాధ్యం గనుక, చీలిన దారులను మళ్లీ కలిపివేయడం ఈ కళలో రూఢమైన పద్ధతి. 2012 నాటి ‘ది వాకింగ్ డెడ్’లో జాంబీ కరిచిన చేతిని నరికించుకొన్నా, మానుకొన్నా నాయకుడైన లీకి మరణం తప్పదు. అదే ఏడాది ‘మాస్ ఎఫెక్ట్ 3’ ముగింపులో తమ నిర్ణయాలు లెక్కకు రాలేదని ఆటగాళ్లు ఆగ్రహించగా, నిర్మాతలు కొన్ని నెలలకే విస్తృత ముగింపును ఉచితంగా జోడించారు.

చతుర్థ వాక్యంలోనే చిక్కు ఉన్నది. నిర్ణయాలు ఉత్తుత్తివే అయితే వెనక్కి వెళ్లి మార్చుకొన్నా నష్టమేమి? ఈ రెండు వాక్యాలను ఒకే నోట పలికిన గేమర్ ఉన్మత్తుడైనా కావలెను, లేక అలంకారం విరోధాభాసమైనా కావలెను, రెండవదే న్యాయ్యం. విరోధాభాసమంటే పైకి పరస్పర విరుద్ధంగా కనిపించి, విచారిస్తే పరిహారమయ్యే ఉక్తి.

పరిహారమెట్లన: 2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ 1899 నాటి అమెరికాలో నడుస్తుంది. అందులో ఆర్థర్ మోర్గన్ అనే దొంగ, అప్పు వసూలుకై ఒక రోగిష్టి రైతును కొడతాడు. ఆ దెబ్బలు కట్‌సీన్‌లో పడవు. ఆటగాడు బటన్ నొక్కితేనే పడతాయి. ఆ రైతు దగ్గు నుండి సోకిన క్షయ చివరకు ఆర్థర్‌ను మృత్యుముఖానికి చేరుస్తుంది. ఏ ఆటగాడూ అతని మరణాన్ని తప్పించలేడు. అయితే సాటి దొంగ చేతి తుపాకి గుండుకు నేలకూలుతాడా, ఉదయించే సూర్యుని చూస్తూ కన్నుమూస్తాడా అన్నది అతడు మధ్యలో చేసిన మంచిచెడ్డలను బట్టి, కడపట పట్టిన దారిని బట్టి ఉంటుంది. అంటే నిర్ణయం కథ దిశను మార్చకపోయినా ఆ కర్మకు కర్త ఎవరో తేలుస్తున్నది.

నాట్యశాస్త్రం ఉద్దేశించిన ప్రేక్షకుడు రంగస్థలానికి ఎదుట కూర్చునేవాడు. అతనికి శోకం స్థాయిగా కరుణరసం సిద్ధించేది గాని, హరిశ్చంద్రుడు భార్యను అమ్మినందుకు ప్రేక్షకుడు నేరభావంతో ఇంటికి పోడు. ముప్పది మూడు వ్యభిచారీభావాలలో వ్రీడ, అనగా సిగ్గు, పశ్చాత్తాపానికి దగ్గరగా వచ్చినా, అది పాత్రకు చెందినదే. బటన్ నొక్కిన వేలు తనదైనప్పుడు మాత్రం ఆ సిగ్గు ప్రేక్షకునిదే అవుతుంది. కథాప్రధాన క్రీడ సాహిత్యానికి కొత్తగా తెచ్చిపెట్టినది ఇదే. పాత సేవ్ తెరిచి మరో దారి పట్టినవానికి అన్ని ముగింపులూ తెలుస్తాయి గాని, ఏదీ తనది కాదు. కనుక ‘వెనక్కి వెళ్లకు’ అన్నది నియమపాలన కోసం చెప్పినది కాదు. ఆ రసం భంగపడకుండా చెప్పిన రక్షావాక్యమని సిద్ధాంతం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివినవారికి బాస్ ఫైట్లలో విజయం కలుగుతుందని వేరే చెప్పనక్కరలేదు; ఈజీలో పెట్టుకొన్నవారికి అది ఎటూ తప్పదు. తమ ఆర్థర్ ఎట్లా చనిపోయాడని ఎవరైనా అడిగినప్పుడు, ‘గేమ్‌లో అలా రాశారు’ అనకుండా ‘అలా ఆడాను’ అని చెప్పగలిగినవారికే ఈ నాలుగు వాక్యాలు అర్థమైనట్లు.