తూటా చూసి తుపాకీ కొనాలి

మా రోజుల్లో పాత మిలిటరీ రైఫిల్ చేతిలోకి తీసుకోగానే అడిగే మొదటి మాట, "దీనికి తూటాలు ఎక్కడ దొరుకుతాయి?" అని. ఇప్పుడు ఆ మాట అడిగేవాడే లేడు. ఎన్ని తయారయ్యాయి, భాగాల మీది సీరియల్ నంబర్లన్నీ కలిశాయా, ఐదేళ్ళు పోతే ఎంత పలుకుతుంది, ఇవే ప్రశ్నలు. ఒహాయోలో మా రేంజికి వచ్చే తెలుగు కుర్రాళ్ళదీ ఇదే వరస. గ్రీన్ కార్డు చేతికి రాగానే "అంకుల్, ఎవరి దగ్గరా లేని గన్ ఒకటి చెప్పండి" అంటారు. ఎవరి దగ్గరా లేనిది కావాలనుకోవడం తప్పు కాదు. నాకూ ఆ మోజు ఉంది, ఆ మోజుతోనే ఇన్నేళ్ళు గన్ షోల చుట్టూ తిరిగాను. కానీ కొన్నదాన్ని ఒక్క రౌండు కూడా కాల్చకుండా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నారే, అది చూస్తే ఒళ్ళు మండిపోతుంది.

అప్పట్లో ఎలా ఉండేదో చెప్తాను. కెనెడీ హత్యకు వాడిన కార్కానో రైఫిల్ 1963లో చికాగో దుకాణం నుంచి పోస్టులో వచ్చింది. టెలిస్కోపుతో కలిపి దాని ధర 19 డాలర్ల 95 సెంట్లు. 1968 చట్టం ఆ పోస్టు వ్యాపారాన్ని ఆపింది, విదేశీ సైన్యాల పాత రైఫిళ్ళ దిగుమతినీ ఆపింది. 80ల మధ్యలో చట్టం సడలించి, సేకరించేవాళ్ళ కోసం పాతవాటిని మళ్ళీ రానిచ్చారు. నేను ఈ దేశంలో కుదురుకున్నది అప్పుడే. సోవియట్ కూటమి కూలాక ఇక వరదే. 30 డాలర్లు కడితే మూడేళ్ళు చెల్లే కలెక్టర్ లైసెన్సు వచ్చేది, ఇప్పటికీ ఫీజు అంతే. ఆ కాగితం ఉంటే యాభై ఏళ్ళు దాటిన రైఫిల్ నేరుగా ఇంటి గుమ్మంలోకి వస్తుంది. షాట్‌గన్ న్యూస్ అని న్యూస్‌ప్రింట్ మీద ఒక పత్రిక వచ్చేది. అందులో సన్నటి అక్షరాల ప్రకటనలన్నీ పెన్సిల్ పట్టుకుని చదివేవాళ్ళం.

గన్ షోకి వెళ్తే, సంతలో చెరకు గడలు నిలబెట్టినట్టు పీపాల్లో రైఫిళ్ళు నిలబెట్టి ఉండేవి. రష్యా మోసిన్-నాగాంట్లు వంద డాలర్ల లోపే. స్విట్జర్లాండ్ వాళ్ళ కె31 వంద దాటి కొంచెం. ఒక్కొక్కటే పైకి తీసి, బోల్ట్ ఊడదీసి, బ్యారెల్‌ని దీపం వైపు పట్టి, లోపల రైఫ్లింగ్ గాడులు పదునుగా ఉన్నాయా, తుప్పు గుంటలు పడ్డాయా అని చూసుకుని, నచ్చకపోతే మళ్ళీ పీపాలో పెట్టేసి ఇంకోటి తీసేవాళ్ళం. అమ్మేవాడు ఏమీ అనేవాడు కాదు. ఇంటికి తెచ్చాక చెక్కలోకి ఇంకిపోయిన కాస్మోలిన్ గ్రీజు వదిలించడం ఇంకో పెద్ద పని. నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎండలో పెడితే అదంతా కరిగి కారేది. కె31 బట్ ప్లేటు విప్పితే ఒక్కోసారి లోపల చిన్న చీటీ ఉండేది, దాన్ని మోసిన స్విస్ సైనికుడి పేరు, దళం వివరాలతో. మరుసటి వారం రేంజిలో ఆ రైఫిలే మోగేది.

ఇప్పుడు కొనేదంతా ఫోటోలు చూసే. బ్యారెల్ లోపలి ఫోటో అడిగితే అమ్మేవాడు సమాధానమే ఇవ్వడు. అయినా వేలంపాటలో డబ్బు పోసి కొంటారు. ఇంటికొచ్చాక చూస్తే మజిల్ దగ్గర, అంటే బ్యారెల్ మూతి దగ్గర, గాడులు అరిగిపోయి ఉంటాయి. పాత సైనికులు చాలా రైఫిళ్ళని మజిల్ వైపు నుంచే కడ్డీ దూర్చి తుడిచేవారు, అందువల్ల అరిగేది అక్కడే. లోపలంతా అద్దంలా ఉన్నా ఆ చివరి అంగుళం పోతే గురి పోయినట్టే.

తూటా గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన మాన్లికర్ ఎం95ని తీసుకోండి. బ్యాటిల్‌ఫీల్డ్ 1 ఆటలో చూసి మనసు పారేసుకున్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. ముచ్చటైన రైఫిలే. బోల్ట్ తిప్పక్కర్లేదు, తిన్నగా వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు. దాని మొదటి తూటా 8x50. 1930ల్లో చాలావాటిని 8x56కి మార్చారు. అలా మార్చినవాటిలో ఆస్ట్రియావాటి మీద పెద్ద 'ఎస్' అక్షరం కొట్టి ఉంటుంది. ఆ కొత్త తూటాలో బుల్లెట్ వ్యాసం .329 అంగుళాలు. ఏ దుకాణంలోనైనా దొరికే 8 మిల్లీమీటర్ల మౌజర్ బుల్లెట్ .323. ఇంట్లో రౌండ్లు నింపుకుందామంటే అది ఈ బ్యారెల్‌లో వదులు. పైగా ఐదు రౌండ్లు పట్టే రేకు క్లిప్పు లేకపోతే మేగజీన్ మేగజీన్‌లా పనిచేయదు. ఒకప్పుడు 1938 ముద్ర ఉన్న పాత తూటాలు క్లిప్పులతో సహా చవగ్గా వచ్చేవి. అవి అయిపోయాయి. ఇప్పుడు ఎక్కువగా సెర్బియాలోని ప్రవి పార్టిజాన్ కంపెనీ చేసేవే దిక్కు. ఫ్రెంచి 7.5, స్విస్ 7.5, ఇటలీ 6.5 తూటాలు కూడా ఆ కంపెనీ చేస్తోంది. పాత రైఫిళ్ళు ఇంకా పేలుతున్నాయంటే సగం పుణ్యం వాళ్ళదే. ఎం95 కొనేవాడు ఈ లెక్కంతా ముందు తెలుసుకుని కొంటే నాకు సంతోషమే. ఆట చూసి కొంటే అది గోడకు వేలాడుతుంది.

మాన్లికర్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఆ పాత 8x50 తూటాయే మన దేశంలో .315 అనే పేరుతో ఇప్పటికీ బతికి ఉంది. సైన్యం వాడే తూటా పౌరుడి చేతిలో ఉండకూడదన్నది బ్రిటిష్ కాలం నాటి పట్టుదల. అందుకే మన ప్రభుత్వ ఫ్యాక్టరీ పౌరులకు అమ్మే .315 స్పోర్టింగ్ రైఫిల్‌కి ఆస్ట్రియా తూటా వచ్చి చేరింది. ఈ ముచ్చట చెప్తే ఇక్కడి అమెరికన్ మిత్రులు ఎంతో ఆసక్తిగా వింటారు.

ఈ మధ్య ఒక కుర్రాడు సయాం మౌజర్ కొంటానన్నాడు. 1900ల మొదట్లో సయాం కోసం టోక్యోలో చేసినవి అవి. రిసీవర్ మీద చక్రం ముద్ర ఉంటుంది, అచ్చం మన విష్ణుచక్రమే. అంకెలు థాయ్ లిపిలో. చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని తూటా మామూలు దుకాణాల్లో దొరకదు, ఇత్తడి గొట్టాలు మలుచుకుని మనమే చేసుకోవాలి. అంచున్న తూటాల కోసం మేగజీన్ వాలుగా ఉంటుంది కాబట్టి ఇక్కడివాళ్ళు వాటిని కోసేసి .45-70 వేట రైఫిళ్ళుగా మార్చేశారు. అలా ఎన్నో మంచివి పాడయ్యాయి. "ఓపికుంటే తీసుకో నాయనా, కానీ మొదటి మిలిటరీ రైఫిల్ ఇది కాకూడదు" అని చెప్పాను.

మరి అరుదైనదీ, కాల్చుకోగలిగిందీ ఏదంటారా? మాడ్సెన్ 1947. డెన్మార్క్ వాళ్ళు రెండో ప్రపంచయుద్ధం అయ్యాక చేసిన బోల్ట్ రైఫిల్. చిన్న దేశాల సైన్యాలు తేలికైన కొత్త రైఫిల్ కొంటాయని ఆశపడ్డారు. అప్పటికే పెద్ద దేశాలు సెమీ ఆటోమేటిక్‌లకి మారిపోతున్నాయి, యుద్ధంలో మిగిలిన పాతవి ఎక్కడ చూసినా కుప్పలు. చివరికి 1958లో కొలంబియా ఒక్కటే సుమారు 5,000 కొంది. వాటినీ పెద్దగా వాడలేదు. ఆ తర్వాత అవి అమెరికాకి చేరాయి, చాలావరకు కొత్తవాటిలాగే. మజిల్ దగ్గర బ్రేకు, భుజానికి రబ్బరు ప్యాడ్, పైన కొలంబియా చిహ్నం. అన్నిటికన్నా ముఖ్యం, తూటా .30-06. ఏ పల్లెటూరి వేట సామాన్ల కొట్టులోనైనా అడిగితే ఇస్తారు. అరుదైన రైఫిల్, అతి మామూలు తూటా. మా తరంవాళ్ళు వెతికింది ఈ జోడీనే. వెనిజులా సైన్యం కోసం బెల్జియం చేసిన ఎఫ్ఎన్-49 కూడా ఈ కోవదే, దానిది 7x57. వేటగాళ్ళు ఇప్పటికీ వాడే తూటా కాబట్టి కొరత లేదు.

అందరూ కొనే మోసిన్ సంగతి చూడండి. తూటా డబ్బాలు డబ్బాలుగా దొరుకుతుంది కదా అని కొనేవాళ్ళం. 2021లో రష్యా తూటాల కొత్త దిగుమతులకి అనుమతులు ఆపేశాక ఆ చవక రోజులు పోయాయి. మామూలు రైఫిల్‌ అయినా తిండి పెట్టడం కష్టమైంది. అదే మోసిన్ కుటుంబంలో ఫిన్లాండ్ చేసిన ఎం39 దొరికితే మాత్రం వదలొద్దు. పాత రష్యా రిసీవర్ మీద ఫిన్‌లు తమ సొంత బ్యారెల్, బరువైన చెక్క బిగించి చేశారు. రష్యాది ఊగిపోయే చోట ఇది నిలబడుతుంది.

ఇక మనవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఇషాపూర్ 2ఎ1. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన జవాన్ల చేతిలో ఉన్నది .303. తర్వాత సైన్యం 7.62కి మారుతున్నప్పుడు, కొత్త సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్ళు అందరికీ సరిపోవు కాబట్టి, బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పాత లీ-ఎన్‌ఫీల్డ్ రూపంలోనే 7.62 రైఫిల్ చేసింది. పాత .303కి బ్యారెల్ మార్చి చేశారని గన్ షోల్లో చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది శుద్ధ తప్పు. కొత్త తూటా ఒత్తిడికి ఆగేలా మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసినవి ఇవి. మేగజీన్ చదరంగా ఉంటుంది, పన్నెండు రౌండ్లు పడతాయి. మొదటి 2ఎ వెనక సైటు మీద అంకెలు 2,000 దాకా ఉంటే, 2ఎ1 మీద 800తో ఆపేశారు. బట్ సాకెట్ మీద ఆర్ఎఫ్ఐ అని, కింద ఏడాది. దీంట్లో నేను మిలిటరీ 7.62 రౌండ్లే వేస్తాను, వేట కోసం మందు గట్టిగా దట్టించిన .308 వెయ్యను. 90ల్లో ఇవి ఇక్కడికి చవగ్గా వచ్చాయి. ఎన్‌సిసి క్యాంపులో .303 దెబ్బకి భుజం కమిలిన మా తరంవాడు దీని బోల్ట్ ఒక్కసారి లాగితే చాలు, చెయ్యి దానంతటదే గుర్తుపడుతుంది. ఎంత వేగంగా తిరుగుతుందో ఆ బోల్ట్!

ఏది కొన్నా తప్పనివి కొన్నున్నాయి, వీటి దగ్గర నేను ఎవరినీ వదలను. హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య సందు, గేజి పెట్టి చూడనిదే మొదటి రౌండు వేయొద్దు. చేతకాకపోతే గన్‌స్మిత్‌కి ఇవ్వండి. ఇషాపూర్ రైఫిళ్ళలో డీపీ ముద్ర ఉన్నవి కవాతు కోసం ఉంచినవి, వాటిని కాల్చకూడదు. జపాన్ అరిసాకా లాగే కనిపించే శిక్షణ రైఫిళ్ళున్నాయి, పోత ఇనుముతో చేసి, లోపల గాడులు కూడా లేనివి. అసలు తూటా వేస్తే చేతిలోనే పేలిపోతాయి. నేపాల్ పాత ఆయుధాగారం నుంచి 2003లో కొనుక్కొచ్చిన గహేంద్ర రైఫిళ్ళు చరిత్రకి గొప్పవి, కాల్చడానికి కావు. పాత మిలిటరీ తూటాల ప్రైమర్‌లో ఉప్పు మిగిల్చే రసాయనం ఉంటుంది. ఆ ఉప్పు గాలిలో తేమ పీల్చి రాత్రికి రాత్రి బ్యారెల్‌ని తినేస్తుంది. నూనెతో అది పోదు. రేంజి నుంచి రాగానే వేడినీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె పూయాలి. మా రోజుల్లో ఇది చేశాకే అన్నానికి కూర్చునేవాళ్ళం.

"కాలిస్తే ధర పడిపోతుంది కదా అంకుల్" అంటారు. బాగున్న రైఫిల్‌ని వారానికోసారి కాల్చి, కడిగి పెట్టుకుంటే దానికి అయ్యేదేమీ లేదు. స్పాంజి పెట్టెలో ఏళ్ళతరబడి మూసిపెట్టి, తీసి చూసేసరికి చెక్క కింద తుప్పు పట్టినవాటిని నేను బోలెడు చూశాను. ధర పడేది అప్పుడు.

మన దేశంలో .303 గానీ 7.62 గానీ మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరకదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవం నాడు .303కి వీడ్కోలు చెప్పారు. అక్కడ వాటిని చేత్తో పట్టుకున్న తరం వెళ్ళిపోతోంది. ఇక్కడ మన పిల్లలకి డబ్బుంది, లైసెన్సు తేలిక, తూటా దొరుకుతుంది. మా క్లబ్బులో వేసవిలో పాత మిలిటరీ రైఫిళ్ళ పోటీ పెడతాం. స్వీడన్ మౌజర్లు వస్తాయి, గారండ్లు వస్తాయి. ఇషాపూర్ పట్టుకుని లైన్ మీద పడుకునేది నేనొక్కణ్ణే. ఈ ఊళ్ళో ఎవరెవరి పెట్టెల్లో ఇంకా ఎన్ని ఇషాపూర్‌లున్నాయో నాకు బాగా తెలుసు. కొనిపెట్టింది నేనే కదా.