ఎస్సెంపీయెస్‌దేముంది లెండి!

ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకుందామని నిశ్చయించుకున్నారు. శుభం. ప్రాసెసర్ కోసం వీడియోలన్నీ చూసేశారు, గ్రాఫిక్ కార్డు దగ్గర స్నేహితులతో మాటలు మానేసేదాకా వాదించారు, క్యాబినెట్‌లో ఏ రంగు లైట్లు వెలగాలో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి తీర్మానం చేశారు. ఇక మిగిలింది వాటన్నిటికీ కరెంటు అందించే ఆ నల్ల డబ్బా, అదే, ఎస్సెంపీయెస్. అది ఆడదు, పాడదు, ఫొటోలో పడదు. అలాంటి దానికి బుర్ర ఖర్చు పెట్టడం శుద్ధ దండగ. ఎన్ని వాట్లది కొనాలన్న ప్రశ్నకు మన దగ్గర రెండు సంప్రదాయాలు స్థిరపడి ఉన్నాయి. ఊరికే వచ్చింది పుచ్చుకోవడం ఒకటి, భయపడి పెద్దది కొనడం రెండోది. మీకు ఏది నప్పితే అది పాటించండి.

మొదటి సంప్రదాయంలో క్యాబినెట్ కొంటే ఎస్సెంపీయెస్ దానితోనే వచ్చేస్తుంది. దాని మీద ఇంత లావు అక్షరాలతో 450 అని ఉంటుంది. కొన్నిటి మీద వాట్లన్న మాట కూడా ఉండదు, ఉత్త 450. అది వాట్లా, మోడల్ నంబరా అని అడిగి కొట్టువాణ్ణి ఇబ్బంది పెట్టకండి. పక్కనే చీమ తలకాయంత అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది, దాని జోలికి అసలే పోకండి. పోయినవాళ్లకు కనబడేది ఇదీ: 3.3 వోల్టులకు 14 ఆంపియర్లు, 5 వోల్టులకు 16, 12 వోల్టులకు 14. ఇప్పటి కంప్యూటర్లో ప్రాసెసరూ గ్రాఫిక్ కార్డూ రెండూ తినేది ఆ 12 వోల్టుల గడిలోంచే. 2000లో పెంటియం 4 వచ్చిన దగ్గర్నుంచీ ప్రాసెసర్‌కని విడిగా 12 వోల్టుల కనెక్టరు ఇస్తున్నారు. 14ను 12తో హెచ్చవేయండి, 168 వస్తుంది. పైన 450, పనికొచ్చేది 168. ఇంటిపేరు కస్తూరివారు, తక్కిన సగం మీకు తెలుసు.

అలాగని భయపడకండి. ఎక్సెల్‌కూ సినిమాలకూ అది బ్రహ్మాండంగా నడుస్తుంది. గేమ్ మంచి రసపట్టులో ఉన్నప్పుడు టక్కున ఆగి, తనంత తానే మళ్లీ మొదలైతే మీరు చేయవలసిన పనులకు ఒక వరస ఉంది. ముందు విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించండి. తర్వాత ర్యామ్ ఊడబీకి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది తిరిగి పెట్టండి. డ్రైవర్లు మార్చండి. ఆ పైన వైరస్ అని తేల్చండి. గ్రాఫిక్ కార్డు అమ్మినవాడితో గొడవ కూడా పెట్టుకోవచ్చు. ఎస్సెంపీయెస్‌ను మాత్రం అనుమానించకండి. పాపం, అది ఊరికే వచ్చింది.

రెండో సంప్రదాయాన్ని కళ్లారా చూడాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ కొట్లుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కండి. ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా ఈ సంభాషణ మీ చెవిన పడుతుంది.

"అన్నా, ఎస్సెంపీయెస్ ఎంతది ఏస్కోవాలె?"

"ఏం కార్డు ఏస్తున్నవ్ తమ్మీ?"

"4060."

"750 ఏస్కో. బేఫికర్ ఉంటది."

"మరి రేపు పెద్ద కార్డు ఏస్తే?"

"గట్లయితే 850 ఏస్కో."

ఒక్క ప్రశ్నకు 100 వాట్లు పెరిగాయి. కుర్రాడు ఇంకో ప్రశ్న అడగనందుకు వాళ్ల నాన్న సంతోషించాలి.

ఆ కుర్రాడి కంప్యూటర్‌కు నిజంగా ఎంత కావాలో లెక్క కట్టడం ఐదో తరగతి పని. అందుకే ఎవరూ కట్టరు. అందులో ప్రాసెసర్ రైజెన్ 5 7600 అనుకుంటే, ఎంత ఒత్తిడిలోనైనా అది తీసుకునేది 88 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060కి 115. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్సెస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఉదారంగా ఓ 60 వేసుకున్నా మొత్తం 263. ఈ అంకె వచ్చిన కాగితాన్ని వెంటనే చింపేయండి. ఇంత చిన్న అంకె నలుగురిలో చెప్పుకోవడానికి బాగుండదు. ఆ కార్డుకు దాని కంపెనీ ఎన్విడియా చేసే సిఫారసు 550 వాట్లు. ఎవరింట్లో ఎలాంటి నాసిరకం డబ్బా ఉంటుందో అన్న భయంతో కంపెనీవాళ్లు ముందే రెండింతలు వేసి చెప్పిన అంకె అది. దాని మీద ఎస్సెంపీయెస్ కంపెనీ తన కాలిక్యులేటర్లో కొంత కలుపుతుంది, కౌంటర్ వెనక అన్న ఇంకొంత కలుపుతాడు, ఇంటికొచ్చే దారిలో మీరు మరికాస్త కలుపుతారు. అచ్చం పెళ్లి భోజనాల లెక్క. వచ్చేది మూడొందల మందని తెలిసీ పిల్ల తండ్రి నాలుగొందల విస్తళ్లంటాడు, ఎందుకైనా మంచిదని వంటాయన ఐదొందలకు వండుతాడు.

'రేపు పెద్ద కార్డు' అనే మాటకున్న బలం ఇంతా అంతా కాదు. ఆ రేపటి కార్డు ఆర్‌టీఎక్స్ 5090 అనుకుందాం. అదొక్కటే 575 వాట్లు తింటుంది, దానికి ఎన్విడియా చెప్పేది 1000 వాట్ల ఎస్సెంపీయెస్. అంటే రేపటి కోసమని ఇవాళ కొన్న 850 రేపటికి చాలదు, ఇవాళ్టికి ఎక్కువ. ఇంత చక్కగా రెండు వైపులా తప్పే వస్తువు మార్కెట్లో మరొకటి దొరకడం కష్టం. పైగా ఈలోగా ప్లగ్గులు కూడా మారిపోతాయి. పాత 8 పిన్నుల ప్లగ్గు 150 వాట్లు మోసేది. 2022లో వచ్చిన 16 పిన్నుల ప్లగ్గు 600 వాట్లు మోస్తానంటోంది. 12 వోల్టుల దగ్గర 600 వాట్లంటే 50 ఆంపియర్లు, అదీ గుప్పిట్లో దాగిపోయే ప్లాస్టిక్ ముక్కలోంచి. దాన్ని సగం దూర్చి, క్లిప్పు పడిందో లేదో చూడకుండా, వైరు మొదట్లోనే మడిచి క్యాబినెట్ మూసేయండి. 2022లోనే 4090 కార్డు కొన్న కొందరి దగ్గర ఆ ప్లగ్గులు కరిగిపోయాయి, లక్షన్నర కార్డుకు కాలిన వాసన ఉచితం.

కాస్త ఎక్కువ పెట్టుకోమనడంలో అబద్ధం లేదని ఇక్కడ ఒప్పుకోవాలి. 2020లో వచ్చిన 3080, 3090 కార్డులు చెప్పిన అంకెకు కట్టుబడి ఉండేవి కావు. సెకనులో వెయ్యో వంతు సేపు ఒక్కసారిగా ఎగిరి, మంచి ఎస్సెంపీయెస్‌లను కూడా బెదరగొట్టి ఆపేసేవి. అందుకే 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, ఆ కొత్త ప్లగ్గు పెట్టిన డబ్బా తన సామర్థ్యానికి రెండింతల కుదుపును సెకనులో పదివేలో వంతు సేపు ఓర్చుకోవాలని రాశారు. కాబట్టి లెక్కతేలిన దానికి సగం కలుపుకోవడం వివేకమే. మూడింతలు చేయడం మాత్రం భక్తి.

ఇక ఇంటి సంగతి. డబ్బా మీద 850 చూడగానే నాన్నగారు అడిగేది ఒకటే: "ఇదేమన్నా గీజరట్రా? బిల్లు ఎవడు కడతాడు?" మీటరు తిరిగేది డబ్బా మీద అంకెను బట్టి కాదని, లోపలి భాగాలు ఎంత అడిగితే అంతే లాగుతుందని, 260 వాట్లు అడిగితే గోడలోంచి సుమారు 300 తీసుకుంటుందని ఆయనకు చెప్పకండి. ఆ భయం మీకు పనికొస్తుంది. బల్ల పక్కన కొత్తగా 15 ఆంప్స్ పవర్ ప్లగ్ పెట్టించమనండి. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల మీద 1380 వాట్లు ఇస్తుందన్న మాట ఎలక్ట్రీషియన్ కూడా చెప్పడు, ఆయన కూలీ ఆయనకు కావాలి.

లోహాల విషయంలో అక్షయ తృతీయ నాటి ఉత్సాహం చూపించండి. కరెంటు పొదుపుకు ఇచ్చే 80 ప్లస్ ముద్రల్లో బ్రాంజి, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, టైటానియం ఉన్నాయి. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజికి 85 శాతం, గోల్డుకు 90 శాతం సామర్థ్యం ఉండాలి. మన కుర్రాడి 260 వాట్ల దగ్గర ఈ రెంటికీ తేడా 17 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడినా నెలకు రెండు యూనిట్లు, మహా అయితే 20 రూపాయలు. దీనికోసం మూడు వేలు ఎక్కువ పెట్టి, పొదుపు చేశానని ఇంట్లో చెప్పండి. ఈ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప, లోపలి కెపాసిటర్లు ఎన్నాళ్లు బతుకుతాయో, షార్ట్ అయితే డబ్బా ఆగుతుందో పేలుతుందో చెప్పదు. అది తెలియాలంటే విప్పి పరీక్షించినవాళ్ల సమీక్షలు చదవాలి, వారంటీ ఎన్నేళ్లో చూడాలి. అంత ఓపికెక్కడిది?

ఎండను కూడా లెక్కలోకి తీసుకోకండి. చవక డబ్బాల మీది వాట్లు 25 డిగ్రీల చల్లని గదిలో కొలిచినవి కావచ్చు. మంచివాటిని 40, 50 డిగ్రీల దగ్గర కొలుస్తారు. రెంటచింతల మే నెలలో, రామగుండంలో రేకుల గది కింద, క్యాబినెట్‌ను గోడకు ఆనించి ఫ్యాన్ రంధ్రం మూసేసిన చోట, ఆ చవక 450 ఎంతకు దిగుతుందో మీ ఊహకే వదిలేద్దాం.

యూపీఎస్ దగ్గర ఒక చిన్న కిటుకు. డబ్బా మీద 600 అని ఉంటే అవి వాట్లని నమ్మండి. కింద వీఏ అని ఉంటుంది, చదవకండి. చాలావాటికి అసలు వాట్లు 360. కరెంటు పోగానే గేమ్ ఆపకండి, ఆ నాలుగు నిమిషాల్లో గెలవొచ్చు. చవక యూపీఎస్ ఇచ్చే మెట్లమెట్ల కరెంటు కొన్ని గోల్డ్ ఎస్సెంపీయెస్‌లకు పడక, మారే క్షణంలోనే ఆగిపోతే, అప్పుడు కరెంటాఫీసును తిట్టుకోవచ్చు.

చివరిది, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం. ఇది మన పాత ఇళ్లలో సర్వసాధారణం. ఎస్సెంపీయెస్‌లోకి కరెంటు వచ్చే చోట రెండు చిన్న కెపాసిటర్లు కరెంటు లైన్లలోని చెత్తను ఇనుప డబ్బా మీదకు మళ్లిస్తాయి. అది మూడో పిన్నులోంచి భూమిలోకి పోవాలి. ఎర్తింగ్ లేకపోతే డబ్బా మీద 230లో సగం దాకా వోల్టులు తేలుతుంటాయి. కరెంటు స్వల్పమే, కానీ తెలుస్తుంది. దీనికి మన ఇళ్లలో వాడుకలో ఉన్న వైద్యం రబ్బరు చెప్పులు. 850 వాట్ల మీద ఖర్చు పెట్టి ఎర్తింగ్‌కు డబ్బుల్లేవన్న మాట ఎలాగూ ఎవరికీ వింతగా అనిపించదు.

ఇక్కడిదాకా వెటకారం. ఇదొక్కటీ కాదు: చచ్చిపోయిన ఎస్సెంపీయెస్‌ను చూద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. పిల్లలున్న ఇంట్లో దాన్ని అటక మీద పడేయకండి. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.