మరపు మీద పనిచేసేవాళ్ళకి తలకిందుల సలహాలు

కంటితో చూసింది మనసులో ఎన్నాళ్ళుంటుంది, ఎలా చెరిగిపోతుంది అన్న ప్రశ్నతో కొత్తగా పీహెచ్‌డీలో చేరి, హైదరాబాద్ సోమాజిగూడలో గది తీసుకున్నారా? నా మాట వినండి. మీ గైడు ఒప్పుకోకపోవచ్చు, అయినా చెబుతాను.

సరైన జవాబుల మీద మోజు వదులుకోండి. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త బ్రేడీ బృందం ఒక్కో వస్తువును 3 సెకన్ల చొప్పున 2,500 వస్తువుల బొమ్మలు చూపించింది. తర్వాత రెండేసి బొమ్మలు పెట్టి ఏది చూశారని అడిగితే, అదే వస్తువు కాస్త వేరే స్థితిలో ఉన్నప్పుడు కూడా జనం దాదాపు 87 శాతం సరిగ్గా చెప్పారు. కన్ను ఇంత పట్టుకుంటుందని తేలిపోయాక ఇంకోసారి రుజువు చెయ్యడమెందుకు? అందరూ పక్కన పడేసే తప్పుల్లోనే మీ థీసిస్ ఉంది.

బొమ్మల సెట్లు కొనకండి. టిఫిన్ బండి దగ్గర కొత్త 20 రూపాయల నోటు మడిచి దాచి, దాని వెనక ఏముందో గీయమనండి. ఎల్లోరా గుహలు! రోజూ చేతులు మారే కాగితమే. గీయలేనివాళ్ళకి నోటు తిప్పి చూపించి, గుర్తుపట్టారా అని అడగండి. గీయలేకపోవడం వేరు, గుర్తుపట్టలేకపోవడం వేరు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఒక్క మనిషితో పరిశోధన కాదంటారు. కానీ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లో అచ్చువేసిన పుస్తకం తన ఒక్కడి జ్ఞాపకం మీదే నిలబడింది. మీరూ మీతోనే మొదలుపెట్టండి. అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో ఒక్కసారి నడవండి. అన్నీ కోచింగ్ సెంటర్ల బోర్డులే: అదే పసుపు, అదే ఎరుపు, కోటు తొడుక్కున్న ఫ్యాకల్టీ ఫొటో, కింద ఉచిత డెమో తేదీ. ఫోన్ తియ్యకండి. ఫొటోలు రూమ్మేటు తీసి తనదగ్గరే పెట్టుకోవాలి. రాత్రి గుర్తున్నంతవరకు బోర్డులు గీయండి, వారం తర్వాత మొదటి కాగితం చూడకుండా మళ్ళీ గీయండి. జావా బోర్డు మీది ముఖం పైథాన్ బోర్డు మీదికి ఎక్కితే, ఒకేలాంటివి ఒకదాన్నొకటి ఎలా తినేస్తాయో మీకు దొరికినట్టే. దయచేసి ఆ బొమ్మను దిద్దకండి.

ఇక అదే అమీర్‌పేటలో ఒకప్పుడున్న సత్యం థియేటర్. దాన్ని పడగొట్టారు, 2023లో అక్కడ కట్టిన మాల్‌లో ఏఏఏ సినిమాస్ వచ్చింది. పాత ప్రేక్షకులను పట్టుకోండి. "ఏం గుర్తుంది?" అని అడిగితే సినిమా కథ చెబుతారు. "టికెట్ కౌంటర్ ఎటు ఉండేదండీ?" అనండి. చెయ్యి ముందు లేస్తుందో, మాట ముందు వస్తుందో చూడండి. కొత్త మాల్ మెట్లు పాత థియేటర్‌కి అతుక్కుంటే పొరపాటని కొట్టేయకండి, తేదీ వేసి భద్రపరచండి.

సమ్మతి పత్రం విషయంలో మాత్రం తలకిందులు కుదరదు. ప్రతి ఒక్కరి సంతకమూ ఉండాలి. గైడు గ్రాఫు అడిగితే ముందు ఈ బొమ్మల కట్ట చేతికివ్వండి, ఆ కట్టను ముందు పెట్టుకుని ఏది కొలవాలో ఇద్దరూ తేల్చుకోండి.