మండలాఫీసు మైకు పద్యానికి కర్ణభేరీ వ్యాఖ్య

ఆ. మైకు పెట్టినారు మండలాఫీసులో
వాలుకుర్చినుండి వాక్కు పారె
వినుడు మీరు మ్యూటు వీడకుండంచును
బదులు పలుకువేళ బందు కాలు

అవతారిక

పై ఆటవెలది ఏ తాళపత్రంలోనూ దొరకలేదు, వ్యాఖ్యాతే అల్లుకున్నది. తగిన మూలం కరువైన రోజుల్లో మూలాన్ని కూడా వ్యాఖ్యాతే సమకూర్చుకోవాలి. మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మూలం నాదే కనుక మొదటి నియమం నన్ను బాధించదు. రెండోది పాటిస్తే ఈ వ్యాఖ్య నాలుగు వాక్యాల్లో ముగిసి పండితుల్లో పరువు పోతుంది. ఆయన తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష అని పేర్లు పెట్టుకున్నాడు. ఇది చెవిపోటులో పుట్టింది కాబట్టి దీని పేరు కర్ణభేరి.

సందర్భం: పశ్చిమ ప్రకాశంలో ఒక మండలాఫీసు. పేరు అనవసరం. వీసీ, అంటే వీడియో కాన్ఫరెన్సు రోజు. జిల్లా నుంచి పెద్దసారు కంప్యూటర్ తెర మీద దర్శనమిస్తారు. ఇటు బల్ల చుట్టూ పన్నెండు మంది. బల్ల మీద అరచేతి వెడల్పున గుండ్రటి స్పీకర్‌ఫోన్, దాని అంచున ఒక చిన్న దీపం. ఈ సీమవాళ్లు పైవాళ్లతో మాట్లాడాలంటే ఎప్పుడూ దూరాభారమే. మార్కాపురం, గిద్దలూరుల మొర 1970 ఫిబ్రవరి దాకా కర్నూలు వినాలి, ఆ తరవాత ఏళ్లతరబడి ఒంగోలు వినాల్సి వచ్చింది. అలాంటిచోట దూరాన్ని చెరిపేస్తానంటూ ఒక యంత్రం వస్తే కళ్లకద్దుకుంటారు. కళ్లకు అద్దుకున్నారు సరే, చెవికి పనికొచ్చేలా ఎవరూ పెట్టలేదన్నదే నా గోడు.

మొదటి పాదం

మైకు: స్పష్టం. మండలాఫీసు: స్పష్టం. పెట్టినారు: చిక్కంతా ఇక్కడుంది. కర్తృపదం లేదు. ఎవరు పెట్టారని అడిగితే ఆపరేటరు అటెండరు వైపు చూస్తాడు, అటెండరు ఆపరేటరు వైపు చూస్తాడు. ఇలాంటి చోట్ల కర్తను అధ్యాహారం చేసుకోవాలని వ్యాకరణం. ఆఫీసులో ఆ పని ఆడిటు వచ్చినప్పుడు చేస్తారు.

ఎక్కడ పెట్టినారు, ఎలా పెట్టినారు అన్నది పద్యం చెప్పదు. వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని శాస్త్రకారులు తేల్చారు. స్పీకర్‌ఫోన్ కొన్నవాళ్లకు పెట్టెలో ఇచ్చే కాగితంలో ఇంతకన్నా మంచి సలహా లేదు.

సన్నిధి అంటే పదాలు దగ్గర దగ్గరగా పడటం. పొద్దున ‘ఆవును’ అని, పొద్దుగూకాక ‘తోలుకురా’ అంటే అది వాక్యం కాదు. మన పరికరానికి సన్నిధి అంటే నోటికీ మైకుకీ మధ్య దూరం. ఆ దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గది మోత మాత్రం తగ్గదు. అందుకే దాన్ని బల్ల నడుమ, అందరికీ మీటరు మీటరున్నర ఎడంలో పెట్టాలి. మన సభలో అది అధ్యక్షులవారి మోచేతి పక్కన ఉంటుంది, నెత్తిన ఫ్యాను, పక్కన టీ గ్లాసు. గ్లాసు బల్ల మీద పెట్టిన ప్రతిసారీ జిల్లాలో పిడుగు పడుతుంది. చివరి కుర్చీలో ఉన్న పంచాయతీ కార్యదర్శికి ఆ మైకు మూడు మీటర్ల దూరం.

యోగ్యత అంటే పదాలు ఒకదానితో ఒకటి పొసగడం. నిప్పుతో తడిపాడంటే పొసగదు. కంప్యూటర్ సెట్టింగుల్లో మైకు ఏది, స్పీకరు ఏది అని రెండు విడివిడి ప్రశ్నలుంటాయి. రెండింటికీ ఈ పరికరం పేరే చెప్పాలి. తాను పలికిన మాటను తానే గుర్తుపట్టి తీసేసే విద్య దానికి ఉంది. స్పీకరు బల్లమీదిదీ, మైకు ల్యాప్‌టాప్‌దీ అయితే ఆ విద్య అక్కరకు రాదు. ఇక అదే గదిలో ఇంకో ఇద్దరు ఉత్సాహవంతులు తమ ఫోన్లలో అదే వీసీలో చేరితే ఒక కూత పుడుతుంది. దానికి లక్షణగ్రంథాల్లో పేరు లేదు. బయట కుక్కలు మాత్రం జవాబిస్తాయి. తీగను యూఎస్‌బీలో గుచ్చడం: స్పష్టం.

ఆకాంక్ష సంగతి నాలుగో పాదంలో.

రెండవ పాదం

వాలుకుర్చి: స్పష్టం, వివరించడం ప్రమాదకరం.

వాక్కు పారె: పారింది నిజమే, ఎటు పారింది? ఇక్కడ ఆనందవర్ధనుణ్ణి లాక్కొచ్చి ధ్వని మీద శ్లేష కట్టడం ఏ కుర్రవ్యాఖ్యాతైనా చేస్తాడు. వదిలేశాను. ఇక్కడి అలంకారం అసంగతి. కారణం ఒకచోట ఉండి కార్యం మరోచోట కనబడితే అసంగతి. పెద్దసారి గొంతు మండలాఫీసు స్పీకరులోంచి వెలువడి, గోడలకు కొట్టుకుని, అదే బల్ల మీది మైకులో పడి మళ్లీ పెద్దసారి చెవికే చేరుతుంది. దోషం ఇక్కడ, తలనొప్పి అక్కడ. ఆలంకారికులు దీనికి ఉదాహరణల కోసం నాయికల చుట్టూ తిరిగి ఎంత శ్రమపడ్డారో! దీని నుంచి తేలే ధర్మసూక్ష్మం ఒకటుంది. ప్రతిధ్వని వినబడేవాడి దగ్గర జబ్బు ఉండదు. ‘మా దగ్గర బాగానే ఉంది సార్’ అనే గదిలోనే ఉంటుంది.

ఈ ప్రతిధ్వనిని అణిచే విద్య ఆకాశం నుంచి దిగింది. ఫోన్ మాట 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి ఎక్కి దిగే రోజుల్లో, మాట్లాడినవాడికి తన గొంతే అర సెకను తరవాత తిరిగొచ్చేది. భారతదేశంలో పుట్టి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మన్‌మోహన్ సోంధీ, తనంతట తాను సర్దుకుంటూ ప్రతిధ్వనిని చెరిపే సాధనం గురించి 1967లో వ్యాసం రాశాడు. స్పీకరుకు పోయే మాట ఏదో యంత్రానికి ముందే తెలుసు. అది గదిలో తిరిగి మైకులో ఏ రూపంలో పడుతుందో అంచనా కట్టి, మైకులోంచి ఆ అంచనాను తీసేస్తుంది. తప్పిన మేరకు అంచనాను దిద్దుకుంటుంది. పూర్వపక్షం నోరు తెరవకముందే దాన్ని ఊహించి ఖండించే మీమాంసకుల పద్ధతి ఇదే. అయితే గదిలో మోత సాగుతూనే ఉంటే ఎంతటి మీమాంసకుడికైనా లెక్క తప్పుతుంది.

గది మోతకు సూత్రకారుడు వాలెస్ సబైన్. హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో పంతుళ్లు చెప్పేది ఎవరికీ అర్థం కావడం లేదని 1895లో ఆ లోపం దిద్దే పని ఆయనకు అప్పగించారు. అక్కడ ఒక్క పలుకు ఐదు సెకన్లకు పైగా గదిలోనే తిరిగేది. ఆయన రాత్రుళ్లు శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం మోగించి, ఆపి, స్టాప్‌వాచీతో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గది ధ్వనిని మింగే శక్తితో భాగిస్తే మోత ఎన్ని సెకన్లో తేలుతుంది. ఆరు మీటర్ల పొడవు, ఐదు వెడల్పు, మూడు ఎత్తు గల గదిని ఊహించండి. 90 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 126 చదరపు మీటర్లు. సిమెంటు గోడ, రాతినేల తమ మీద పడ్డ ధ్వనిలో నూటికి మూడు పాళ్లు మింగుతాయనుకుంటే, ఖాళీ గదిలో మోత దాదాపు 4 సెకన్లు. పన్నెండు మంది వచ్చి కూర్చుంటే ఒకటిన్నరకు దిగుతుంది. మాట తేటగా వినబడాలంటే అర సెకను దగ్గర ఉండాలి.

మెత్తలు ఎక్కడి నుంచి తేవాలి? మార్కాపురంలో దొరికేది పలక. ఇక ఈ వ్యాఖ్యాతను ఆపేవాడు లేడు.

పలకరాయి ఒకప్పటి బంకమట్టే. నేల లోతున వేడికీ ఒత్తిడికీ గట్టిపడి, పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. ఆ చీలిక మట్టి పేరుకున్న వరసను పట్టించుకోదు, ఒత్తిడి వచ్చిన దిక్కుకు అడ్డంగా సాగుతుంది. రాళ్ల సంగతే చెబుతున్నాను, ఉద్యోగుల సంగతి కాదు. విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద 1872లో వెలువరించిన గ్రంథంలో ఈ రాళ్లకు కంభం పేరు పెట్టాడు. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి రాయల కాలంలో చెరువు నింపిన కంభమే అది. నీళ్లు నిలిపినందుకు కాక రాళ్లు నిలిచినందుకు ఆ పేరు భూగర్భశాస్త్ర పుస్తకాలకెక్కింది. చెయ్యి తిరిగిన పనివాడు ఉలి అంచు ఆనించి ఒక్క దెబ్బ వేస్తే ఈ రాయి పుస్తకం తెరుచుకున్నట్టు విచ్చుకుంటుంది. చెక్క చట్రం బిగించి ఎన్ని రాష్ట్రాల బడులకు పంపారో! తరవాత రేకు పలక వచ్చింది, ప్లాస్టిక్ పలక వచ్చింది, నోటుపుస్తకం వచ్చింది. రాయి బడి మానేసి గోడలకూ నేలకూ అంటుకుంది, ఓడలెక్కి విదేశాలకు పోయింది.

పలకను మించిన సభాసాధనం నేటికీ రాలేదని నా అభిప్రాయం. నలభై మంది పిల్లలు లెక్క చేసి పలకలు ఒక్కసారి పైకెత్తితే పంతులుగారు ఒక్క చూపులో నలభై జవాబులూ చదివేవారు. ఎవడి మాటా ఇంకొకడి మాటను కొట్టేయదు. అందరూ మ్యూట్‌లో ఉన్నారు, అందరూ బదులు చెప్పారు. తప్పు రాసినవాడు ఉమ్మితో తుడుచుకుని, సరస్వతికి దండం పెట్టుకుని మళ్లీ రాశాడు. వెనకబెంచీవాడి పలక కూడా ముందుబెంచీవాడి పలకంత పెద్దదే. ఇంత చేసిన రాయిని ఇప్పుడు నున్నగా పాలిష్ పట్టి మీటింగు హాలు గోడకు అందం కోసం అతికిస్తున్నారు. గోడ మీద పడ్డ ప్రతి మాటనూ అది తిప్పికొడుతోంది. చేసిన అవమానానికి తగిన జవాబే.

ప్రకృతానికి వద్దాం. కిటికీలకు మందపాటి పరదాలు, కింద జంపఖానా, బల్ల మీద ఒక దుప్పటి వేసినా గది కొంత మింగుతుంది. బీరువాల తలుపులు తెరిచి పెట్టండి. కాగితాల కట్టలు ధ్వనిని పీలుస్తాయి. ఏళ్లతరబడి కదలని ఫైళ్లకు ప్రజాసేవ చేసే అవకాశం ఇదొక్కటే.

మూడవ పాదం

‘మ్యూ’ సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న ‘రు’ గురువు కావాలి కదా, గణభంగం కాలేదా అని ఛాందసుల ఆక్షేపం. వేరే పదం కనుక ఊనిక లేదు, లఘువే. వీసీలో ‘మీరు’ లఘువుగానే ఉండాలన్నది ఆఫీసు సంప్రదాయం కూడా.

‘వినుడు’ అనడంలో పోలీసుల సెట్ కాన్ఫరెన్సు ఈ యంత్రానికి తాత. వైర్‌లెస్ సెట్‌లో ఒకరు బటన్ నొక్కితే మిగతావాళ్లు వినాల్సిందే. కానీ మాట అయ్యాక ‘ఓవర్’ అని బటన్ వదలాలి. చేతిలో లాఠీ ఉన్నవాడు కూడా ఆ ఒక్క మాటతో ఎదుటివాడికి వంతు ఇస్తాడు. చవకరకం స్పీకర్‌ఫోన్ లోపలా ఒకేసారి ఒకవైపే దారి. దానికి ‘ఓవర్’ లేదు. రెండు గొంతులు ఒకేసారి వస్తే పెద్ద గొంతుకు దారి ఇచ్చి చిన్న గొంతును కత్తిరిస్తుంది. ఖరీదైనవి రెండువైపులా దారి తెరిచి ఉంచుతామంటాయి. మోత గదిలో మూడు మీటర్ల అవతలున్న సన్నటి గొంతుకు వాటి దగ్గరా అదే గతి పట్టవచ్చు. దీన్ని తయారుచేసినవాడికి మన ఆఫీసుల ఆచారం తెలియదు పాపం, అయినా ఎంత బాగా పట్టుకున్నాడు!

నాలుగవ పాదం

‘కాలు’ మీద శ్లేష వెతికేవారు వెతుక్కోవచ్చు.

బదులు పలుకువేళ: ఎవరు పలికారు? చివరి కుర్చీ కార్యదర్శి. ‘సార్, మా ఊళ్లో రెండు బోర్లూ ఎండిపోయినాయి, ట్యాంకరు మూడురోజులకొకసారి వస్తాంది, బిల్లులు రాలేదని వాళ్లూ ఆపేస్తామంటున్నారు’ అని ఆమె చెప్పింది. జిల్లాలో వినబడింది: ‘సార్... ఊళ్లో... వస్తాంది... సార్.’ అటు నుంచి వచ్చిన తీర్పు: ‘గుడ్. నెక్స్ట్ మండలం.’

ఇక్కడ అలంకారం వెతకబుద్ధి కావడం లేదు. పశ్చిమ మండలాల్లో ఎన్నో ఊళ్ల నేలనీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. పళ్లు గారపట్టిన పిల్లలనూ, వంగిన నడుములనూ చూడటానికి వీసీ అక్కర్లేదు. కృష్ణ నీళ్ల కోసం వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. కొల్లంవాగు దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కడుపులో 18.8 కిలోమీటర్ల సొరంగాలు తవ్వారు. కొండను అంతదూరం తొలిచిన ప్రభుత్వానికి మూడు మీటర్ల బల్ల మీదుగా ఒక మాటను చేర్చడం కష్టమా?

కాదు. ఇక్కడ లోపించింది మూడోది, ఆకాంక్ష. ఒక పదం విన్నాక తరవాతి పదం కోసం చెవి తపించడం ఆకాంక్ష. ‘ఊళ్లో’ అని వినబడి ఆగిపోతే ‘ఊళ్లో ఏమైందమ్మా, మళ్లీ చెప్పు’ అనాలి. దానికి పరికరం మీద బటన్ లేదు.

తాత్పర్యం

‘యామ్ ఐ ఆడిబుల్?’ అని ప్రతి వీసీలో పెద్దవాళ్లు ముమ్మారు అడుగుతారు. అయ్యా, మీరు ఎప్పుడూ వినబడుతూనే ఉన్నారు. ఆ పరీక్ష మానండి. వీసీకి ముందు చివరి కుర్చీవాళ్ల చేత ఒక ఊరి పేరునూ, ఒక అంకెనూ మామూలు గొంతుతో చెప్పించండి. జిల్లావాళ్లు ఆ ఊరినీ ఆ అంకెనూ తప్పులేకుండా తిరిగి చెబితే మైకు పెట్టినట్టు. చెప్పలేకపోతే మైకు జరపండి, కుర్చీ జరపండి, అవసరమైతే వాలుకుర్చీని కూడా.

గద్య

ఇది మార్కాపురపు పలక మీద ఓనమాలు దిద్దినవాడును, వీసీలయందు వెనకకుర్చీ నలంకరించినవాడును నగు వ్యాఖ్యాతచే రచియింపబడిన కర్ణభేరియందు ప్రథమపద్యవ్యాఖ్య సమాప్తము. ద్వితీయపద్యము ‘ఎనీ ఇష్యూస్’ అని మొదలగును. బదులు చెప్పవలసినవారందరును మ్యూటులో నుండుటచే ఆపై గ్రంథపాతము.