తుప్పు పడితే వారసత్వం, పట్టకుంటే గుజిరీ

తాగి పారేసిన బీరు డబ్బాకు జాతకం రాసే శాస్త్రం ఒకటుందని మనలో చాలామందికి తెలియదు. అమెరికాలో అది బాగా ముదిరిన శాస్త్రం. 1970లో సెయింట్ లూయిస్ దగ్గర డబ్బాలు పోగుచేసేవాళ్లంతా చేరి ఏకంగా సంఘమే పెట్టుకున్నారు. సభ్యత్వాలు, శాఖలు, పత్రిక, ఏటా మహాసభ అన్నీ ఉన్నాయి. డబ్బాలకు తరగతులు కూడా ఉన్నాయి. అప్పుడే ఫ్యాక్టరీ నుంచి దిగినట్టు మెరిసేది మొదటి తరగతి. రంగు ఊడి, తుప్పు తిని, ఏ కంపెనీదో పోల్చుకోను కూడా కష్టమయ్యేది చివరి తరగతి. మన బడిలో చివరి తరగతి పిల్లోణ్ణి ఎవరూ పట్టించుకోరు గానీ, అక్కడ దానికీ గిరాకీ ఉంది. పాత చెత్తదిబ్బలు తవ్వి మరీ ఇటువంటివి వెలికితీసేవాళ్లున్నారు.

ఈ సంఘీయులు బీరు తాగే పద్ధతే వేరు. అసలైనవాడు పైమూతను ముట్టుకోడు. డబ్బాను తలకిందులు చేసి, అడుగున బొక్కలు పొడిచి, గ్లాసులోకి వంచుకుంటాడు. అలమరలో నిలబెట్టినప్పుడు ఎవరూ తెరవనట్టే కనబడాలి కదా! ఏకాదశి ఉపవాసంలో చాటుగా దోసె తిన్నవాడు కూడా ఇంత జాగ్రత్తగా మూతి తుడుచుకోడు. ఇక తుప్పు పట్టినవాటిని ఆగ్జాలిక్ యాసిడ్ పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి, గంటకోసారి తీసి చూసుకుంటూ, రంగు పోకుండా తుప్పు మాత్రం పోయేలా కాచుకుంటారు. రాళ్లకు మెరుగుపెట్టే పనివాళ్లకు ఆ పొడి కొత్త కాదు. మా కడప జిల్లాలో జమ్మలమడుగు, ఎర్రగుంట్ల అంటేనే నాపరాళ్ల దేశం. మా వైపు మనిషి ఆ పొడి కొన్నాడంటే ఇంట్లో బండలు పరిపించుకున్నాడని అర్థం. చెత్తదిబ్బలో దొరికిన రేకు డబ్బాకు అభ్యంగనస్నానం చేయిస్తున్నాడని చెబితే పెద్దాసుపత్రికి తీసుకుపోతారు.

ఈ విద్య మా వైపుకు డల్లాస్ అల్లుళ్ల సూట్‌కేసుల్లో వచ్చింది. ప్రొద్దుటూరులో కొత్తగా లేచిన ఇళ్ల హాల్లో అద్దాల బీరువా ఉంటుంది. అందులో పెళ్లినాటి వెండి సామాను ఉండాల్సిన అరలో ఇప్పుడు డబ్బాలు. పక్కనే విస్కీ సీసాలో మనీప్లాంటు. చూడవచ్చిన పెద్దాయన బంగారు అంగడి మనిషి అయితే సంభాషణ ఇట్లా నడుస్తుంది.

"మామా, ఇది లిమిటెడ్ ఎడిషన్."

"ఎన్ని గ్రాములుంటాది నాయనా?"

"పదహైదు దాకా ఉంటాది."

"బంగారమా?"

"కాదు మామా, అల్యూమినియం."

"మరి బీరువాకు బీగం యాల?"

రెండో ముంబై అని పేరు తెచ్చుకున్న ఊరది. గీటురాయి మీద గీసి, తరుగు తీసి, మిల్లీగ్రాము దగ్గర బేరమాడే ఊళ్లో ఖాళీ డబ్బా విలువ చెప్పి ఒప్పించడం అంత సులువు కాదు. అందుకే అల్లుడు రెండో అస్త్రం తీస్తాడు. "ఇది పెట్టుబడి మామా. ఇరవై ఏండ్లు ఆగితే లక్షలు." ఈ మాటకు అమెరికాలోనే ఒక పరీక్ష జరిగిపోయింది. 1977లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తమ్ముడు బిల్లీ కార్టర్ తన పేరు మీద బీరు దింపాడు, బిల్లీ బీరు. మరుసటి ఏడాదికే అది ఆగిపోయింది. ఇక దొరకదు, కాబట్టి బంగారమే అని జనం డబ్బాలు అటకెక్కించారు. వేల డాలర్లు పలుకుతుందని పుకార్లు కూడా పుట్టాయి. అందరి అటకల మీదా అదే ఉన్నాక కొనేవాడెవడు? చివరికి డాలరు, రెండు డాలర్ల సరుకుగా తేలింది. ఆ లెక్క చెప్పి చూడండి, అల్లుడు వెంటనే మూడో అస్త్రం మీదికి దూకుతాడు. "డబ్బు కాదు మామా, ఇది చరిత్ర."

సరే, చరిత్రే చూద్దాం. బీరును మొదటిసారి డబ్బాలో పోసి అమ్మింది 1935 జనవరి 24న, అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో. క్రూగర్ అనే కంపెనీ సరుకు అది. అక్కడ డబ్బా పుట్టిన మూడేళ్లకు, 1938 అక్టోబరులో, మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న రాజాజీ సేలం తర్వాత చిత్తూరు, కడప జిల్లాల్లో మద్యం బందు పెట్టాడు. అంటే సంఘం వాళ్లు కళ్లకద్దుకునే 'స్వర్ణయుగం' డబ్బాలు అక్కడ అచ్చవుతున్న రోజుల్లో, కడప జిల్లాలో తాగేవాడు దొంగ. మా తాతల కాలం 'వింటేజి' వస్తువేదైనా ఉంటే అది గుట్టల్లో పగిలిన సారాకుండ పెంకు. దానికి తరగతులు కట్టలేదు, కేసులు కట్టారు.

ఆ తర్వాత చరిత్ర కూడా తక్కువదేం కాదు. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఈ మద్యనిషేధం గొడవలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1992లో పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కొంగు బిగించారు. సారా అంగళ్ల మీదికి పోయారు, ప్యాకెట్లు పారబోశారు, వేలంపాటలు ఆపించారు. ఇప్పటి లెక్కలో చూస్తే వాళ్లు పోగొట్టిన 'అపురూప సేకరణ' ఎంతని! మరుసటి ఏడాది సారా బందైంది. 1995లో ఎన్టీఆర్ మొత్తం బందు పెట్టాడు, 1997లో చంద్రబాబు ఎత్తేశాడు. ఇంత ప్రమాదకరమైన సరుకు తాలూకు చరిత్రను దాచాలంటే దాచాల్సింది రేకు డబ్బానా? వేలంపాట కాగితాలూ, కూలిపోయిన సంసారాల తాకట్టు పత్రాలూ కాదా? వాటికి అద్దాల బీరువాలో అర దొరకదు. రంగు బాగుండదు.

అసలు వింటేజి సరుకు మన ప్రభుత్వాలే తయారుచేసి పెట్టాయి, అల్లుడు చూసుకోలేదు గానీ. 2019 అక్టోబరు నుంచి బ్రాందీ షాపులు ప్రభుత్వమే నడిపింది. దశలవారీగా మానిపిస్తామని చెప్పి, 2020 మే నెలలో రెండు రోజుల్లో ధర డెబ్బై అయిదు శాతం పెంచింది. అప్పటి ముఖ్యమంత్రి సొంతూరు పులివెందుల కదా, అక్కడైనా మంచి సరుకు దొరుకుతుందేమో అనుకున్నవాళ్లకు అక్కడా అవే పేర్లు ఎదురయ్యాయి. అబ్బో, ఏం పేర్లవి! 'బూమ్ బూమ్' బీరు. 'ప్రెసిడెంట్ మెడల్'. అన్నిటికన్నా గొప్పది 'స్పెషల్ స్టేటస్'. ఢిల్లీ ఇవ్వని ప్రత్యేక హోదా సీసాలో పోసి రోజుకూలి మనిషి చేతికిచ్చారు. ఈ పేర్లకు అనుమతులిచ్చింది మీరంటే మీరని రెండు పార్టీలూ శాసనసభ దాకా కొట్లాడుకున్నాయి. వస్తువు పుట్టుపూర్వోత్తరాల మీద ఇంత వాదన ఏ సేకర్తల మహాసభలోనూ జరిగి ఉండదు. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటు చేతికి పోయాయి, క్వార్టరు తొంభైతొమ్మిది రూపాయలకే అన్నారు. అంటే పాత పేర్ల సీసా ఇక అరుదైన వస్తువే. బిల్లీ బీరుకు మా జవాబు అది. అల్లుడి బీరువాలో ఒక్కటైనా ఉందా? లేదు. ఎందుకంటే అది తాగినవాడు అమెరికా అల్లుడు కాదు, చీనీ తోటలో కాయలు కోసే మనిషి. అతను తాగి పారేస్తే చెత్త. ఇతను తాగి నిలబెడితే వారసత్వం.

ఈ మధ్యలో పోలీసులు నడిపిన మ్యూజియం ఇంకొకటి. ఇక్కడి ధరలకు తట్టుకోలేక కర్ణాటక ప్యాకెట్లు సరిహద్దు దాటి వస్తుంటే పట్టుకుని, సీసాలూ ప్యాకెట్లూ నేల మీద వరుసగా పేర్చి, ఫొటోలు తీయించి, రోడ్డు రోలరు ఎక్కించేవాళ్లు. పేర్చే తీరు చూస్తే మాత్రం సంఘం వాళ్లు సిగ్గుపడాల్సిందే. ఒక్కో బ్రాండు ఒక్కో వరుస, లేబుళ్లన్నీ కెమెరా వైపే.

సేకరణ అంటే నాకు చులకన లేదు. కడపలో ఒక దొర ఉండేవాడు, సి.పి. బ్రౌన్. చెదలు తింటున్న తాళపత్రాలు తెప్పించి, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, తప్పులు దిద్దించి రాయించాడు. ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడున్న గ్రంథాలయం కోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి చందాలడుగుతూ తిరిగాడు. ఆ తాళపత్రం తెరిస్తే లోపల వేమన ఉన్నాడు. ఈ డబ్బా లోపల ఏముందని అడిగితే, "ఉన్నింది, తాగేసినా" అంటాడు అల్లుడు.

ఇక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూళ్లకూ కలిపి ఒక క్లబ్బు పెడదామని ఎవరైనా ఉత్సాహపడితే, కాస్త ఆగండి. మాకు అది ఎప్పుడో ఉంది. గండికోట చూడను వచ్చిన పిల్లోళ్లు లోయ అంచున వదిలిపోయిన డబ్బాలను తెల్లారేసరికి ఏరేసే మనిషి సంచి భుజాన వేసుకుని తిరుగుతుంటాడు. సభ్యత్వ రుసుము కట్టలేదు. తరగతులు మాత్రం ఆయనకూ ఉన్నాయి. అల్యూమినియం వేరు, నిండు సీసా వేరు, పగిలిన గాజు వేరు. మెరిసే మొదటి తరగతి డబ్బా దొరికితే చెప్పుకాలి మడమతో ఒక్క తొక్కు తొక్కుతాడు, పల్చటి బిళ్ల అయిపోతుంది. నిలబెడితే సంచి పట్టదు మరి. అరవై డెబ్బై తొక్కితే గానీ గుజిరీ అంగట్లో కిలో తూగదు. తాగుబోతు ఊరి మీద ఇంత శ్రద్ధగా పరిశోధన చేసినవాడు ఇంకొకడు లేడు. ఏ వీధిలో జీతాలు పడ్డాయో, ఎవరింట్లో పంచాయితీ జరిగిందో సంచి బరువును బట్టి చెప్పగలడు.

ఆయన ప్రొద్దుటూరులో ఆ అద్దాల బీరువా ఇంటికి కూడా పోతాడు. వాకిట్లో నిలబడి, "అమ్మా, లోపల అద్దాల్లో పెట్టినేటివి కూడా వేస్తారా?" అని అడుగుతాడు.

అత్తగారు గొంతు తగ్గించి చెబుతుంది. "ఆదివారం అల్లుడు విమానమెక్కుతాడు. సోమారం రా నాయనా, కాటా తెచ్చుకో."