ఆరవ తరగతి తల్లిదండ్రులు

మన పూర్వులు మనుష్యుడు పుట్టుటకు ముందే మొదలుపెట్టి కాటికి చేరువఱకు షోడశ సంస్కారములు విధించి, చెవులు కుట్టుటకును, అన్నము ముట్టించుటకును, పుట్టువెండ్రుకలు తీయుటకును వేర్వేరుగా మంత్రములు ఏర్పరచినారు గాని, కన్నబిడ్డ అయిదవ తరగతి ముగించుకొని ఆరవ తరగతికి, అనగా ఊరిబడి విడిచి హైస్కూలునకు పోవునాడు, తల్లిదండ్రులకు జరిపింపవలసిన సంస్కారమొకటి ఉండవలెనని ఏ ధర్మశాస్త్రకర్తకును తోచకపోవుట చింతింపదగిన విషయము. బిడ్డకు అట్టిదేమియు అక్కరలేదు. బిడ్డ రెండవనాటికే హైస్కూలు గంటకును, డ్రిల్లు మాస్టారి ఈలకును, గేటు ప్రక్కన ఉప్పుకారము చల్లి జామకాయ ముక్కలమ్ము ముసలమ్మకును అలవాటుపడిపోవును. అలవాటుపడలేనివారు ఇంటివద్ద మిగిలిపోయిన ఇరువురు. ఆ ఇరువురిలో నేనొకడను.

మాది కోనసీమలో కాలువగట్టు ప్రక్కనున్న చిన్న గ్రామము. మా ఊరి ప్రాథమిక పాఠశాల మా అరుగు మీద కూర్చుండి చూచువారికి కనబడును, చూడనివారికి వినబడును. మా అమ్మాయి ఏ ఎక్కము దగ్గర తడబడినదో, ఏ పద్యము మింగివేసినదో, ఎవరి పలక మీద ఎవరు ఉమ్మివేసిరో మాకు అప్పటికప్పుడే తెలియుచుండెడిది. తెలియనిదేమైన మిగిలిన, సాయంకాలము బస్సుకు పోవు టీచరమ్మగారు మా వాకిట ఆగి, మంచినీళ్లు పుచ్చుకొని, చెప్పిపోవుచుండెడివారు. తెలుగును, లెక్కలును, పరిసరాల విజ్ఞానమును ఆ ఒక్క తల్లియే చెప్పెడిది గనుక, బిడ్డ చదువును గూర్చి అడుగవలసిన ప్రశ్నలన్నిటికి ఒక్క గ్లాసుడు మంచినీళ్లతో సమాధానము లభించుచుండెడిది. ఇట్టి సర్వజ్ఞత్వమునకు అయిదేండ్లు అలవాటుపడిన దంపతులను ఒక్కసారిగా అజ్ఞానాంధకారమున పడద్రోయుట ఏ ప్రభుత్వమునకైనను న్యాయము కాదు.

మా తాతగారి కాలమున ఈ బాధ లేదు. మా నాన్నగారు 1959లో ఫస్టుఫారమున చేరినారు; ఇప్పటి ఆరవ తరగతినే అప్పుడట్లు పిలిచెడివారు. జిల్లా బోర్డులను తీసివేసి జిల్లా పరిషత్తులను నెలకొల్పు చట్టము వచ్చినదియు ఆ సంవత్సరముననే. అందుచేత మా నాన్నగారు వేసవి సెలవులనంతరము బోర్డు హైస్కూలులో చేరి, బెంచీ మారకుండగనే పరిషత్తు హైస్కూలు విద్యార్థియైనారు. కుమారుడు బడి మారిన సంగతియు, ఆ బడికి పేరు మారిన సంగతియు మా తాతగారికి ఒక్కసారే, సంక్రాంతికి కొత్తబట్టలు కుట్టించునప్పుడు, దర్జీవాడు చెప్పగా తెలిసినవట. తెలిసిన పిమ్మట ఆయన, “అలాగా!” అని, చొక్కా ఒక అంగుళము పొడవుగా కుట్టుమన్నారట. పుత్రుని మాధ్యమిక విద్యా విషయమున ఆయన తీసికొన్న శ్రద్ధ ఆ యంగుళమే.

మేమో, సంచి దగ్గరనే ఆగిపోయినాము.

సంచి ప్రభుత్వము వారే ఇచ్చినారు. పుస్తకములు, బెల్టు, బూట్లు కూడ ఇచ్చినారు. అయితే ఆ పుస్తకములు మన చిన్ననాటివి కావు. ఒక పుటలో ఇంగ్లీషున చెప్పిన పాఠమునే ఎదుటి పుటలో తెలుగున చెప్పు ద్విభాషా గ్రంథములగుటచేత, ఒక్కొక్కటి తన జీవితములో చెప్పవలసినదానికి రెట్టింపు మాటలాడును, రెట్టింపు తూగును. టైముటేబులు చూచి ఆనాటికి కావలసినవే పెట్టుకొమ్మని నేనంటిని. “టైముటేబుల్ని నమ్మడానికి లేదు నాన్నా! లెక్కల మాస్టారు సెలవు పెడితే సోషల్ మాస్టారొస్తారు,” అని పిల్ల అన్నిటిని పెట్టుకొన్నది. వాటిపై మా ఆవిడ గొడుగు, తువాలు, రెండు లీటర్ల నీళ్లసీసా, పిల్లకెన్నడును రాని తలనొప్పికి అమృతాంజనము చేర్చినది. నేను ఊరకుండక, పాత ఇనుము కొనువాని వద్ద స్ప్రింగు కాటా ఒకటి బేరమాడి తెచ్చి, వసారా దూలమునకు వ్రేలాడదీసి, సంచిని తూచితిని. ముల్లు ఆరున్నర కిలోల వద్ద నిలిచినది. పిల్ల బరువు ముప్పది.

అంతట నేను మా ఆవిడను కూర్చుండబెట్టి, నవలాకారులైన ఆర్.కె. నారాయణ్ గారు రాజ్యసభ సభ్యులుగా నుండి 1989లో మాటలాడవలసి వచ్చినప్పుడు, దేశమున ఎన్నో ఘనమైన సమస్యలుండగా వాటిని విడిచి, బడిపిల్లల వీపుమీది సంచిని గూర్చియే మొరపెట్టుకొన్నారనియు, ఆ మీదట ప్రొఫెసర్ యశ్‌పాల్ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము భారము లేని చదువును గూర్చి 1993లో నివేదిక సమర్పించినదనియు, కట్టకడపట 2020లో కేంద్రప్రభుత్వము వారు సంచి బరువు బిడ్డ బరువులో పదియవ వంతు మించరాదని విధానమునే ప్రకటించినారనియు, ఆ లెక్కన మన సంచి మూడు కిలోలే ఉండవలసియుండగా ఇంచుమించు మరియొక సంచి బరువు అధికముగా నున్నదనియు సవిస్తరముగా విన్నవించితిని. ఆమె శాంతముగా విని, “ఆ పెద్దలెవరూ పిల్లకి దాహమేస్తే నీళ్లివ్వరు కదండీ,” అని సీసాను మరల సంచిలో పెట్టినది. ఒక రచయిత, ఒక శాస్త్రవేత్త, ఒక ప్రభుత్వము కూడి తీయలేని బరువును నేను తీయగలనా?

భోజనమునకు సంబంధించిన వివాదము ఇంతకన్న సున్నితమైనది. హైస్కూలులో మధ్యాహ్న భోజనము పెట్టుదురు; కోడిగ్రుడ్డు కూడ పెట్టుదురు; పైగా ఆ పథకమునకు మా కోనసీమ లంకలగన్నవరమున వెలసి, వేళగాని వేళ వచ్చిన అతిథికి సైతము వండి వడ్డించి అన్నపూర్ణ యనిపించుకొన్న డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ఇక మనకు విచారమేమి యంటిని. “పేరు సీతమ్మగారిదే. వంట ఆవిడ చేయటం లేదుగా?” అని మా అమ్మ ప్రక్కగదిలోనుండి పలికినది. అత్తాకోడండ్రు ఏకాభిప్రాయమునకు వచ్చుట మా ఇంట చారిత్రక ఘట్టము గనుక దానికి భంగము కలిగింప నాకు మనసొప్పలేదు. క్యారియరు కూడ సంచిలో చేరినది. దానిలోని పులిహోరను ఎవరెవరు తినుచుండిరో, దానికి బదులుగా మా అమ్మాయి ఎవరి గ్రుడ్డు తినుచుండెనో, కోడిని ముట్టని మా వంశమునకు దసరా సెలవుల వఱకు తెలియలేదు.

హైస్కూలు మా ఊరికి మూడు కిలోమీటర్లు. కాలువగట్టు వెంట పోయి, వంతెన దాటవలెను. సైకిలు కొనిచ్చితిమి. ఆడపిల్ల, కాలువగట్టు, లారీలు అని మా ఆవిడ మూడే మాటలు పలికి నా వైపు చూచినది. ఆ చూపునకు అర్థము తెలియుటకు ద్విభాషా గ్రంథమక్కరలేదు. పిల్ల సైకిలు వెనుక, కనుచూపు మేరలో, నేను స్కూటరు మీద నడువసాగితిని. సైకిలు వేగమునకు స్కూటరును నడుపుట దానిని త్రోసికొనిపోవుటకన్న కష్టమని ఆ ప్రయాణము చేసినవారికే తెలియును. పిల్ల ఒకనాడు వంతెన మొగదల సైకిలాపి, వెనుకకు తిరిగి, “నాన్నా, వంతెన ఇవతలే ఉండిపో. అందరూ చూస్తున్నారు,” అన్నది. లక్ష్మణుడు గీసినది ఒక గీతయే. నాకు మా అమ్మాయి ఏకముగా వంతెనే అడ్డము పెట్టినది.

వంతెన ఇవతల ఒక టీకొట్టు కలదు. అచ్చట బల్లమీద కూర్చుండి చూతును గదా, మా ఊరివారును, పొరుగూరివారును, ఎన్నడును ఉదయము తొమ్మిది గంటలకు గట్టుమీద కనబడని పెద్దమనుష్యులు అరడజనుమంది గ్లాసులు పట్టుకొని, టీ త్రాగక, వంతెన అవతలి గోడవైపు మెడలు సాచి యుండిరి.

“ఏవండీ, ఇలా వచ్చారు?” అని నన్నొకరడిగిరి.

“కాలువకి నీళ్లొదిలారో లేదో చూసిపోదామని,” అంటిని.

జూను మొదటివారములో ధవళేశ్వరము వద్ద వదలిన గోదావరి మా కాళ్లక్రిందనే గట్లొరసికొనుచు పారుచుండెను. ఆయన కాలువవైపు చూడలేదు, నావైపును చూడలేదు. “నేనూ అందుకే వచ్చానండి,” అనెను. మూడవ ఆయన కొబ్బరి ధర కనుగొనుటకు వచ్చెనట. నాల్గవ ఆయన ఎందుకు వచ్చెనో ఎవరును అడుగకుండగనే, తన కుమారునికి వచ్చిన జలుబును గూర్చి మొదలుపెట్టి, కన్నీరు పెట్టుకొన్నంత పని చేసెను. ఆ దినము మొదలు మేమందఱము ఆత్మబంధువులమైతిమి. ఆ ఏడు మా ప్రాంతమున ఆరవ తరగతివలన నిజముగా బాగుపడినది ఆ టీకొట్టు.

ఇంటివద్ద మా ఆవిడ టైముటేబులును వంటింటి తలుపునకు అంటించి, గడియారము చూచుచు, పోపు పెట్టుచునే, “ఇప్పుడు సైన్సవుతోంది,” “ఇదిగో, డ్రిల్లు పీరియడ్, ఎండలో నుంచోబెడతారు కాబోలు,” అని నిట్టూర్చుచుండెడిది. ఒక్కొక్క పీరియడుకు ఒక్కొక్క మాస్టారు వచ్చి పోవుట ఆమెకేమియు నచ్చలేదు. ఇంతమంది చేతులు మారిన పిల్ల సాయంత్రమునకు ఎవరి జవాబుదారీ అని ఆమె ప్రశ్న. నాకైతే ఆ మాస్టార్లలో ఎవరికైనను ఒక గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చు భాగ్యము కలుగుట లేదే యని విచారము.

“ఇవాళ బళ్లో ఏం చెప్పారమ్మా?” అని సాయంకాలము అడుగుదుము. “ఏం లేదు.” అయిదవ తరగతిలో ఈ ప్రశ్నకే దీపాలవేళ వఱకు సమాధానము వచ్చుచుండెడిది.

మౌనము వీడి మమ్ము పలుకరించినది గృహపాఠము కారణముగనే. ఆరవ తరగతితో హిందీ ప్రవేశించును. మా కుటుంబమున హిందీ ప్రచారసభవారి ప్రాథమిక పరీక్షకు కట్టి, మధ్యమకు పుస్తకములు కొని, అంతటితో జాతీయ సమైక్యతకు చేయవలసినది చేసితినని తృప్తిపడినవాడను నేనొక్కడనే. కావున గురుపీఠము నాకు లభించినది. అయితే ఆ భాషలో ప్రాణములేని వస్తువులకు సైతము ఆడమగ తేడా కలదని నేను మరచిపోతిని. తలుపు పురుషుడు, కిటికీ స్త్రీ. అన్నము పురుషుడు, రొట్టె స్త్రీ. ఇట్లు ఇంటిలోని సామానునంతటిని వరుసగా విడదీయుచు పోయిన పిల్ల, పుస్తకములో ఒకచోట ఆగి, నా ముఖమువైపు చూచి, “నాన్నా, నీ మీసం స్త్రీలింగం!” అని ప్రకటించినది. గడ్డము మాత్రము పురుషుడు కాకపోవునా యని వెదకితిమి. అదియు స్త్రీయే. మా అమ్మ ఆ రాత్రి నవ్వి నవ్వి ఉక్కిరిబిక్కిరియై మంచినీళ్లు త్రాగవలసివచ్చెను.

లెక్కల విషయమున నా పరువు మరింత వేగముగా పోయినది. గరిష్ఠ సామాన్య భాజకమునకు చిన్న సంఖ్య వచ్చుటయు, కనిష్ఠ సామాన్య గుణిజమునకు పెద్ద సంఖ్య వచ్చుటయు నాకు చిన్ననాడును అన్యాయముగనే తోచినది, ఇప్పుడును అట్లే తోచుచున్నది. ఆ సంగతి పిల్లకు చెప్పక, ముఖము గంభీరముగా పెట్టి, “ముందు నువ్వు చెయ్యి, నేను సరిచూస్తాను,” అనుచుండెడివాడను. ఆమె ఇంగ్లీషు పుట చూచి లెక్క చేయును. నేను ఎదుటి తెలుగు పుట చూచి ఆమె ఏమి చేయుచున్నదో తెలిసికొందును.

ఇక 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలన్నిట ఒక్కనాడే తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను సమావేశపరచిరి. వంతెన దాటుటకు నాకు అధికారికముగా లభించిన తొలి అనుజ్ఞ అది. అడుగవలసిన ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని, ఇస్త్రీబట్టలు ధరించి పోయితిని. అచ్చట తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాగు పందెము ఏర్పాటు చేసియుండిరి. టీకొట్టు బంధువులందఱము ఒకవైపు నిలిచి, ఆరునెలలుగా హృదయములలో దాచుకొన్న ఆందోళననంతటిని ఆ తాటిమీద చూపగా, అవతలి ఏడవ తరగతి తండ్రులు, అనుభవజ్ఞులు గాబోలు, తొందరపడక ఒక్క గుంజు గుంజిరి. నేను లేచి ఇసుక దులుపుకొనుచు చూడగా, మా అమ్మాయి స్నేహితురాండ్ర నడుమ నిలిచి, ఆ పడినాయన తనకేమియు కానట్లు ఆకాశమువైపు చూచుచుండెను. పిమ్మట తరగతి ఉపాధ్యాయులవారు నన్ను చూచి, “ఓ, సిక్స్త్ బి అమ్మాయి నాన్నగారా! పిల్ల బాగానే ఉందండి. మీకు దెబ్బ తగల్లేదు కదా?” అని పరామర్శించిరి. నా జేబులోని ప్రశ్నలన్నిటికి ఆ మొదటి మాటలోనే సమాధానమున్నందున కాగితము పైకి తీయలేదు.

ప్రస్తుతము పిల్ల ఏడవ తరగతిలో నున్నది. స్కూటరు వంతెనవఱకును పోవుట లేదు. టీకొట్టు బల్లమీద కొత్తవారు కూర్చుండి కాలువలోనికి నీళ్లు వదలిరా యని ఒకరినొకరు అడుగుకొనుచున్నారని విన్నాను. వారిలో ఎవరికైనను స్ప్రింగు కాటా కావలసినచో మా ఇంటికి వచ్చి నిరభ్యంతరముగా పట్టుకొనిపోవచ్చును. వేసవి సెలవులు ముగియులోగా మాత్రము తప్పక తిరిగి ఇచ్చివేయవలెనని మనవి. వచ్చే జూనులో మా రెండవవాడు ఆరవ తరగతికి వచ్చుచున్నాడు.